గాలి కుదిపేటప్పుడు చేతులు ఏం చేయాలి

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో ఈమధ్యే సోలో, అంటే పక్కన ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా విమానం నడపడం, పూర్తి చేసినవాళ్లు ఉన్నారు. పైలట్ లైసెన్స్ చేతికొచ్చి, ఇంట్లోవాళ్లని ఎప్పుడు ఎక్కించుకుందామా అని ఎదురుచూస్తున్నవాళ్లూ ఉన్నారు. నేను ముఖ్యంగా ఈ రెండో వాళ్ల కోసం మాట్లాడతాను. నేనూ సరిగ్గా అలాంటి రోజుల్లోనే తమ్ముణ్ణి పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, ఒక మధ్యాహ్నం 40 నిమిషాల ప్రయాణానికి బయలుదేరాను.

విమానం సెస్నా 172. మీకందరికీ తెలిసిందే. 1956లో తయారీ మొదలైంది, ఇప్పటికి 44,000కి పైగా వచ్చాయి. అంతకన్నా నమ్మకమైన చిన్న విమానం దొరకడం కష్టం. ఆ రోజు నేల మీద గాలి పెద్దగా లేదు. పైన దూదిపింజల్లాంటి మబ్బులు. చూడ్డానికి ముచ్చటైన రోజు. దారంతా కాస్త ఊగుతూనే వెళ్లాం, నేను పట్టించుకోలేదు. దిగడం మొదలుపెట్టినప్పుడు ముక్కు వంచాను గానీ పవర్ తగ్గించలేదు. వేగం ముల్లు ఆకుపచ్చ గీత దాటి పసుపులోకి వెళ్లింది. త్వరగా చేరిపోతాం కదా అనుకున్నాను.

దున్నిన చేల మీదికి వచ్చామో లేదో, కింద నుంచి ఎవరో గుద్దినట్టు ఒక్క దెబ్బ. ఆ వెంటనే సీటు కింద నుంచి జారిపోయినట్టు ఇంకోటి. మోకాలి మీది బోర్డుకి తగిలించుకున్న పెన్ను నా కళ్ల ముందే పైకి లేచి, ఒక్క క్షణం గాల్లో నిలబడి, వెనక సీట్లోకి వెళ్లిపోయింది. తమ్ముడి తల పైకప్పుకి కొట్టుకుంది. వాడి బెల్టు వదులుగా ఉంది. బిగించుకోమని చెప్పాల్సింది నేను, చెప్పలేదు. రెండు చేతులతో యోక్, అంటే విమానం స్టీరింగ్, గట్టిగా పట్టుకుని, ముక్కు లేస్తే తోస్తూ, వాలితే లాగుతూ విమానంతో కుస్తీ పడుతున్నాను.

మాకేం కాలేదు, విమానానికీ ఏం కాలేదు. కానీ ఆ రెండు నిమిషాల్లో నేను చేసిన ప్రతి పనీ తప్పే. ఒక్కొక్కటీ చెబుతాను.

ముందు గాలి సంగతి. ‘ఎయిర్ పాకెట్‌లో పడ్డాం’ అని జనం అంటుంటారు. గాలిలో గుంటలుండవు. ఎండకి దున్నిన నేల, బండరాళ్లు, తారు రోడ్లు త్వరగా వేడెక్కుతాయి. చెరువులు, అడవులు ఆలస్యంగా వేడెక్కుతాయి. వేడి నేల మీది గాలి పైకి లేస్తుంది, ఆ చుట్టుపక్కల చల్లగాలి కిందికి దిగుతుంది. లేచే గాలిలోంచి దిగే గాలిలోకి ఒక్క అడుగులో దాటితే, అదే మనకు గుంటలో పడ్డట్టు అనిపిస్తుంది. గద్దలు రెక్క ఆడించకుండా గుండ్రంగా పైకి పోతున్నాయంటే అక్కడ గాలి లేస్తోందని అర్థం. నాకు ముచ్చటగా కనిపించిన ఆ మబ్బులు కూడా అదే చెబుతున్నాయి. ఒక్కో మబ్బు, లేస్తున్న ఒక్కో గాలి స్తంభానికి తలపాగా లాంటిది.

చిన్న ప్రయాణంలో ఉండే ఇబ్బంది ఇక్కడే ఉంది. దూరం తక్కువ కదా అని మనం ఎత్తుకు వెళ్లం. 2,500, 3,000 అడుగుల్లోనే ఉండిపోతాం. అంటే మొదటి నుంచి చివరిదాకా కుదుపులుండే పొరలోనే ప్రయాణం. మబ్బుల అడుగు ఎంత ఎత్తులో ఉంటుందో మీరే లెక్క కట్టుకోవచ్చు. నేల మీది ఉష్ణోగ్రతకీ డ్యూ పాయింట్‌కీ (గాలిలోని తేమ మంచుబిందువులుగా మారే ఉష్ణోగ్రత) మధ్య ఉన్న తేడాని డిగ్రీ సెల్సియస్‌లో తీసుకుని 400తో గుణించండి. 30, 20 అయితే తేడా 10, అంటే సుమారు 4,000 అడుగులు. ఆ కింద ఊగిసలాట, మబ్బులు దాటితే చాలాసార్లు పట్టులాంటి గాలి. మబ్బులు పలచగా ఉండి, దిగేటప్పుడు కూడా సందులుంటాయని నమ్మకం ఉంటేనే పైకి వెళ్లండి. లేకపోతే పైన ఇరుక్కుపోతారు.

ఇక వేగం. గతుకుల రోడ్డు మీద బండి నెమ్మదిగా నడపడం అందరికీ తెలుసు. విమానంలో కూడా నెమ్మదించాలి, కానీ కారణం వేరు. కింద నుంచి గాలి విసురుగా కొట్టినప్పుడు రెక్కకి గాలి తగిలే కోణం ఒక్కసారిగా పెరుగుతుంది, దాంతో లిఫ్ట్, అంటే విమానాన్ని పైకి లేపే బలం, పెరుగుతుంది. వేగం తగినంత తక్కువగా ఉంటే, లిఫ్ట్ హద్దు దాటేలోపే రెక్క స్టాల్ అయ్యి, అంటే కోణం మరీ ఎక్కువై గాలి పట్టు తప్పి, ఆ బరువు వదిలేస్తుంది. వేగం ఎక్కువైతే స్టాల్ కాకముందే హద్దు దాటిపోతుంది. సెస్నా 172 ఫ్లాప్స్ (దిగేటప్పుడు రెక్క వెనక అంచున కిందికి దించే పలకలు) దించకుండా తట్టుకునే హద్దు 3.8 జీ, అంటే తన బరువుకి 3.8 రెట్లు. ఫ్లాప్స్ దించితే 3 జీ మాత్రమే. అందుకే కుదుపుల్లో వేగం తగ్గించడానికి ఫ్లాప్స్ వాడకండి, పవర్ తగ్గించండి.

ఇందులో చాలామందికి తలకిందులుగా అనిపించే మాట ఒకటుంది. 172 ఎస్ మోడల్‌లో నిండు బరువు 2,550 పౌండ్లకి మాన్యువరింగ్ స్పీడ్, అంటే నేను ఇప్పుడు చెప్పిన, హద్దు దాటకముందే రెక్క స్టాల్ అయ్యే వేగం, 105 నాట్లు (ఒక నాట్ అంటే గంటకి సుమారు 1.85 కిలోమీటర్లు). 1,900 పౌండ్లకి 90 నాట్లే. తేలిక విమానం ఇంకా నెమ్మదిగా ఎందుకు వెళ్లాలి? రెక్క స్టాల్ అయ్యేముందు ఇవ్వగల బలం, ఒకే వేగంలో, బరువు ఎంతున్నా ఒకటే. 105 నాట్లలో ఆ బలం నిండు విమానాన్ని 3.8 జీ దాకా లేపుతుంది. అదే బలం 1,900 పౌండ్ల విమానం మీద పడితే 5 జీ దాటుతుంది. రెక్క ఓర్చుకోవచ్చు. కానీ ఇంజన్‌ని పట్టుకున్న మౌంట్లు, సీట్లు, వెనక సామాను పెట్టే నేల ఓర్చుకుంటాయన్న హామీ లేదు. మేమిద్దరమే ఉన్నాం, ట్యాంకులు సగం. నేను వెళ్లాల్సిన వేగం 100 లోపు. వెళ్లింది 129 దాటి. పసుపు గీతలోకి నునుపైన గాలిలో తప్ప వెళ్లకూడదని చదివి పరీక్ష రాసినవాణ్ణే నేను. అయినా వెళ్లాను. కాబట్టి బయలుదేరే ముందే ఆ రోజు బరువుకి తగిన అంకె ఒక కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి. మొదటి కుదుపుకే ఆ అంకెకి రండి. రెండో కుదుపు దాకా ఆగొద్దు. మరీ కిందికీ పోవద్దు, స్టాల్‌కి దగ్గరైతే అదో కొత్త ప్రమాదం.

ఇప్పుడు చేతుల సంగతి. నాకు అన్నింటికన్నా ముఖ్యమనిపించేది ఇదే.

కుదుపుల్లో ఎత్తుని పట్టుకోవాలని చూడకండి. లేచే గాలి 200 అడుగులు లేపుతుంది, దిగే గాలి మళ్లీ దించుతుంది. కింద నేల, పక్కన ట్రాఫిక్ అడ్డు రానంతవరకూ లేవనివ్వండి, దిగనివ్వండి. మీరు పట్టుకోవాల్సింది ముక్కు ఎక్కడుందో, రెక్కలు సమంగా ఉన్నాయో లేదో, అంతే. ట్రిమ్ (చేత్తో నొక్కి పట్టకుండానే ముక్కుని ఉన్నచోట నిలిపే సర్దుబాటు) సరిగ్గా పెట్టి, యోక్‌ని రెండు వేళ్లు, బొటనవేలితో పట్టుకోండి. మోచెయ్యి ఆర్మ్‌రెస్ట్ మీద ఆనించండి. అలా ఆనిస్తే మీ ఒళ్లు ఎగిరినప్పుడు చెయ్యి యోక్‌ని లాగేయదు. సగం కుదుపులు విమానం తనంతట తానే సర్దుకుంటుంది. మీరు సర్దబోయేసరికి ఆ కుదుపు అయిపోయి తర్వాతది వస్తుంది, మీ సర్దుబాటు దానికి తోడవుతుంది.

వేగం తక్కువగానే ఉంది కదా, ఎలా ఆడించినా ఫరవాలేదు అనుకునేవాళ్లకి ఒక్క మాట. 2001 నవంబర్ 12న న్యూయార్క్‌లో టేకాఫ్ అయిన అమెరికన్ ఎయిర్‌లైన్స్ 587 విమానం, ముందు వెళ్లిన బోయింగ్ 747 వదిలిన సుడిగాలిలో చిక్కుకుంది. ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్) రడ్డర్‌ని, అంటే ముక్కుని పక్కలకి తిప్పే తోక పలకని, కాళ్లతో అటూ ఇటూ చివరిదాకా తొక్కుతూ పోయాడు. విమానం మాన్యువరింగ్ స్పీడ్ లోపే ఉంది, అయినా నిలువు తోక ఊడిపోయింది. 265 మంది చనిపోయారు. అది పెద్ద విమానం, మనది చిన్నది. అయినా ఆ వేగం కాపాడేది ఒక్క దిక్కుగా, ఒక్కసారి చేసిన కదలికనే. అటూ ఇటూ మార్చి మార్చి తొక్కితే ఏ అంకే కాపాడదు.

పక్కన కూర్చున్నవాళ్ల గురించి కూడా చెప్పాలి. వాళ్లకి టెన్షన్ మీ ముఖంలోంచి వస్తుంది. ఎక్కకముందే చెప్పండి: ఈ పూట ఊగుతుంది, నడుము బెల్టు బిగుతుగా కట్టుకో, ఫోన్ జేబులో పెట్టుకో, దూరంగా నింగీ నేలా కలిసే చోటు చూడు, కడుపులో తిప్పితే సంచి ఇక్కడుంది. రాబోయే కుదుపు గురించి ముందే తెలిసినవాడు సగం కూడా భయపడడు. నా తమ్ముడు ఆ తర్వాత నాతో అన్నది ఒకటే: ‘కుదుపుకి భయం వేయలేదు అన్నయ్యా, నువ్వు మాట్లాడకపోయేసరికి వేసింది.’

దిగడం గురించి కొంచెమే చెబుతాను, మీ ఇన్‌స్ట్రక్టర్లు ఎలాగూ చెబుతారు. గాలి 12 నాట్లుండి విసుర్లు 22 దాకా ఉంటే తేడా 10. అందులో సగం, అంటే 5 నాట్లు మీ అప్రోచ్ వేగానికి, అంటే దిగడానికి రన్‌వే వైపు వచ్చే వేగానికి, కలపండి. రన్‌వే పక్కన హ్యాంగర్లు, చెట్లు ఉంటే చివరి 100 అడుగుల్లో గాలి మళ్లీ విరుగుతుంది. సర్దుకోకపోతే ఫుల్ పవర్ ఇచ్చి మళ్లీ లేచిపోండి. రెండోసారీ కుదరకపోతే ఇంకో రన్‌వేకి వెళ్లండి. 40 నిమిషాల దూరమే కదా అని ఇంధనం లెక్కగా పోసుకుంటే ఈ స్వేచ్ఛ ఉండదు. ఉరుములున్న మబ్బు దారిలో ఉంటే అసలు బయలుదేరకండి. అలాంటి తీవ్రమైన మబ్బుకి కనీసం 20 నాటికల్ మైళ్లు దూరంగా ఉండమంటారు, అంత చుట్టు తిరిగితే అది చిన్న ప్రయాణమే కాదు.

మేం తిరిగి రావాల్సింది అదే సాయంత్రం. నేను మర్నాటికి మార్చాను. తెల్లవారుతూనే, నేల ఇంకా వేడెక్కకముందు లేచాం. తమ్ముడు బెల్టు బిగించుకుని నాకు చూపించాడు. వెనక సీటు కింద దొరికిన పెన్ను ప్యానెల్ పైన అలాగే పెట్టాను. నా ఎడమ చేతి రెండు వేళ్లు యోక్ మీద ఉన్నాయి. దున్నిన చేలు దాటేదాకా ఆ పెన్ను దొర్లలేదు.