కాసు బరువు గుండు చాలు: కౌబాయ్ షూటింగ్‌కి కొత్తగా వచ్చేవాళ్లతో

అందరికీ నమస్కారం.

పోయిన నెల మన పిక్నిక్‌లో ఒక తమ్ముడు ఫోన్ తీసి, తను కొన్న రివాల్వర్ ఫొటో చూపించాడు. "అన్నా, మీ కౌబాయ్ మ్యాచ్‌కి నేనూ వస్తా, ఇదిగో తీసేసుకున్నా" అన్నాడు. ఎంత సంబరంగా ఉన్నాడో! అది .44 మాగ్నం, డబుల్ యాక్షన్, అంటే ట్రిగ్గర్ నొక్కితే చాలు, తూటాని కొట్టే హ్యామర్ దానంతటదే లేచి పడేది. మంచి తుపాకీయే, కానీ మా ఆటలో దాన్ని అనుమతించరు, ప్రతిసారీ హ్యామర్‌ని బొటనవేలితో లాగాల్సిన సింగిల్ యాక్షన్ రివాల్వరే కావాలి. ఆ మాట చెప్పాక అతని మొహం చూడలేకపోయాను. కొనకముందే ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది. ఈ పూట నేను మీ ముందుకు రావడానికి కారణం అదే.

ఆట గురించి తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. 1980ల మొదట్లో కాలిఫోర్నియాలో కొందరు మిత్రులు పాత పడమటి అమెరికా నాటి తుపాకులతో పోటీ పెట్టుకున్నారు. 1982లో 'ఎండ్ ఆఫ్ ట్రెయిల్' పేరుతో మొదటి మ్యాచ్ జరిగింది. తర్వాత దానికి సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ అనే సంస్థ ఏర్పడింది. అందరూ శాస్ అంటారు. సభ్యుడు ప్రతి ఒక్కరూ ఒక మారుపేరు నమోదు చేసుకోవాలి, ఆ పేరు ఇంకొకరికి ఉండకూడదు. నేను మా ఊరి పేరు కలిపి పెట్టుకున్నాను. టెక్సస్‌లో పుట్టి పెరిగిన పెద్దమనుషులు తెనాలి పక్కన ఉన్న ఆ చిన్న పల్లె పేరు మైకులో పిలుస్తుంటే నా గుండె నిండిపోతుంది.

మన తరానికి కౌబాయ్ అంటే తెరమీద గుర్రమెక్కిన కృష్ణగారు. ఇక్కడ గుర్రం అక్కర్లేదు. టోపీ, బూట్లు, ఆ కాలపు బట్టలు కావాలి. తుపాకులు నాలుగు కావాలి: రెండు సింగిల్ యాక్షన్ రివాల్వర్లు, ఒక లివర్ యాక్షన్ రైఫిల్ (కింది పిడిని ఆడిస్తే తర్వాతి తూటా ఎక్కేది), ఒక పాతకాలపు షాట్‌గన్. ఒక్కో రౌండ్లో మామూలుగా రివాల్వర్లతో పది, రైఫిల్‌తో పది, షాట్‌గన్‌తో నాలుగైదు పేలుస్తాం. గురి ఉక్కు పలకల మీద. టైమర్ బీప్ కొట్టిన దగ్గర్నుంచి సెకన్లు లెక్క. ఒక పలక తప్పితే ఐదు సెకన్లు కలుపుతారు. రివాల్వర్ పలకలు ఏడు నుంచి పది గజాల దూరంలోనే, పెద్దవిగా ఉంటాయి. ఈ దూరాన్ని గుర్తుపెట్టుకోండి, క్యాలిబర్ (గుండు అడ్డుకొలత) ఎంపిక మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది.

దుకాణానికి వెళ్లేముందు ఇంకో సంగతి. మనవాళ్లలో చాలామందికి ఇది తెలియదు కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అవి మీకు వర్తిస్తాయో లేదో లాయర్‌ని అడిగి తెలుసుకోండి, నన్ను కాదు. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లు కొనుక్కోవచ్చు. దుకాణంలో ఫారం నింపి, తనిఖీ అయ్యాక ఇస్తారు. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు ముచ్చటపడి చేతికిచ్చి ఫొటో తీయకండి. పట్టుకోవడం కూడా దగ్గర ఉంచుకోవడం కిందకే రావచ్చు. గ్రీన్‌కార్డు కోసం పదేళ్లు ఎదురుచూసే కుటుంబాలు మనవి. ఒక్క ఫొటో కోసం దాన్ని పణంగా పెట్టొద్దు. అలాగే రేంజికి తీసుకెళ్లే సంచిని ఇండియా ప్రయాణానికి ఎప్పుడూ వాడకండి. మూల మడతలో ఒక్క తూటా మిగిలిపోయినా అక్కడి ఎయిర్‌పోర్టులో ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు.

ఇక క్యాలిబర్. ముందు ఒక మాట: ఇత్తడి గుల్ల, అందులో తుపాకీ మందు, కొసన గుండు, అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, ఇవన్నీ కలిస్తే తూటా.

నా మాట ఒకటే: రివాల్వర్లకీ రైఫిల్‌కీ ఒకే తూటా ఉండాలి, ఆ తూటా .38 స్పెషల్ అయి ఉండాలి. తుపాకులు మాత్రం .357 మాగ్నం తూటా కూర్చునే గదులున్నవి కొనండి. .38, .357 పేర్లు వేరైనా గుండు అడ్డుకొలత ఒకటే, అంగుళంలో .357 భాగం. .38 కొంచెం పొట్టి. అందుకని .357 తుపాకీలో .38 హాయిగా పడుతుంది, .38 తుపాకీలో .357 పట్టదు. రేపు అమ్ముకోవాలన్నా .357కి గిరాకీ ఎక్కువ.

.45 కోల్ట్ వాడాలన్న కోరిక అందరికీ ఉంటుంది. నాకూ ఉండేది. 1873లో అమెరికా సైన్యం తీసుకున్న కోల్ట్ రివాల్వర్‌తో పాటు వచ్చిన తూటా అది, పేరులోనే ఒక ఠీవి ఉంది. కానీ బరువు చూడండి. .45లో మామూలుగా వాడే గుండు 250 గ్రెయిన్లు, అంటే దాదాపు 16 గ్రాములు. .38లో మేం వాడేది 125 గ్రెయిన్లు, దాదాపు 8 గ్రాములు. మన ఆడవాళ్ల లెక్కలో చెప్పాలంటే .45 గుండు రెండు కాసులు, .38 గుండు ఒక్క కాసు. ఏడు గజాల దూరంలో ఉన్న పలకకి ఒక కాసు తగిలినా ఠంగుమంటుంది, రెండు కాసులు తగిలినా ఠంగుమంటుంది. తేడా అంతా మీ మణికట్టుకే తెలుస్తుంది. రోజంతా వంద పైన పేల్చాలి. రెండు కాసుల గుండు ప్రతిసారీ తుపాకీని పైకి లేపుతుంది, మళ్లీ గురికి దించుకోవాలి, బొటనవేలితో హ్యామర్ లాగాలి. మధ్యాహ్నానికి చెయ్యి వణుకు మొదలవుతుంది. వణుకు మొదలైందంటే ట్రిగ్గర్‌ని గుంజేస్తారు, పలకలు తప్పుతాయి. .45కి కూడా తేలిక గుండ్లు దొరుకుతాయి. కానీ ఆ పెద్ద గుల్లలో కొద్దిపాటి మందు ఎటు పడితే అటు కదులుతుంది. మందు గుల్ల ముందు భాగానికి చేరితే ఒక రకంగా, వెనక్కి చేరితే ఇంకో రకంగా పేలుతుంది.

తేలిక తూటా వాడితే మోసం కాదా అని అడిగారు ఒకరు. కాదండీ. నిబంధనల్లోనే కింద ఒక గీత, పైన ఒక గీత ఉన్నాయి. రివాల్వర్ గుండు సెకనుకి 1000 అడుగులు, రైఫిల్ గుండు 1400 అడుగులు దాటకూడదు, 400 అడుగులకి తగ్గకూడదు. గుండు బరువుని గ్రెయిన్లలో తీసుకుని వేగంతో గుణించి వెయ్యితో భాగిస్తే కనీసం 60 రావాలి. 125 గ్రెయిన్లు 700 అడుగుల వేగంతో పోతే 87.5 వస్తుంది. మీరు గీతకి చాలా పైనే ఉన్నట్టు.

ఒకే తూటా అనేది నేను కనిపెట్టిన కిటుకేమీ కాదు. 1873 నాటి వించెస్టర్ రైఫిల్ .44-40 తూటాతో వచ్చింది. 44 క్యాలిబర్, 40 గ్రెయిన్ల మందు అని ఆ పేరుకి అర్థం. ఆ రైఫిల్ ఎంత జనంలోకి వెళ్లిందంటే, కొన్నేళ్లకే కోల్ట్ కంపెనీ తన రివాల్వర్‌ని కూడా అదే తూటాకి చేసి అమ్మింది. పశువులు తోలుకుంటూ వారాల తరబడి తిరిగేవాడికి నడుముకి ఒకే బెల్టు, అందులో ఒకే రకం తూటాలు. ఇప్పుడు మనకి ఆ తిప్పలు లేవు గానీ, బీప్ మోగాక తడబడే వేళ్లు ఆనాటివీ ఈనాటివీ ఒకటే. .44-40 అందమైన తూటా, బ్లాక్ పౌడర్ అనే పాతకాలపు తుపాకీ మందుతో పేల్చేవాళ్లు దాన్ని ప్రాణంలా చూసుకుంటారు. కానీ మెడ సన్నబడిన పల్చటి గుల్ల, తిరిగి మందు నింపుకునేటప్పుడు ఇట్టే నలుగుతుంది. మొదటి ఏడాది దాని జోలికి పోవద్దు.

రివాల్వర్ల దగ్గరికొద్దాం. కొత్తవాళ్లకి నేను రూగర్ న్యూ వకేరో చూపిస్తాను. ఇటలీలో చేసే ఉబెర్టీ, పియెట్టా తుపాకులు పాత కోల్ట్‌కి నకళ్లు. చేతిలో ఇమడడం, హ్యామర్ లాగినప్పుడు వినిపించే ఆ నాలుగు క్లిక్కులు వాటికే సొంతం. కానీ లోపలి స్ప్రింగులు సున్నితం. రూగర్ మొరటుది, తట్టుకుంటుంది. రెండూ ఒకే రకం, ఒకే పొడవు కొనండి. కుడిచేతికి ఒక బరువు, ఎడమచేతికి ఇంకో బరువు అలవాటు చేసుకోవడం దండగ. అరచేయి చిన్నదైతే 4⅝ అంగుళాల గొట్టం ఒరలోంచి తేలిగ్గా బయటికొస్తుంది.

తుపాకీ ఏదైనా ఆరు గదుల్లో ఐదే నింపాలి. పాత కోల్ట్ హ్యామర్‌కి ముక్కు ఉంటుంది. హ్యామర్ కింద తూటా ఉంటే ఆ ముక్కు సరిగ్గా దాని మీద ఆని ఉంటుంది, కింద పడితే పేలుతుంది. అందుకని హ్యామర్ కింద గది ఖాళీగా ఉండాలి. పాత పద్ధతి నోటికి వచ్చేదాకా ఇంట్లో డమ్మీ తూటాలతో చెయ్యండి. హ్యామర్‌ని సగం లాగి, పక్క గేటు తెరవాలి. ఒకటి పెట్టు, ఒకటి వదులు, వరసగా నాలుగు పెట్టు. ఇప్పుడు హ్యామర్‌ని పూర్తిగా లాగి, బొటనవేలితో పట్టుకుని మెల్లగా దించితే అది ఆ వదిలేసిన గది మీదికే వస్తుంది. రూగర్‌లో గేటు తెరిస్తే చాలు, సిలిండర్ తిరుగుతుంది. లోపల అడ్డుపట్టీ ఉంటుంది కాబట్టి కింద పడ్డా పేలదు. అయినా మ్యాచ్‌లో దానికీ ఐదే.

రైఫిల్‌కి ఎక్కువ ఖర్చు పెట్టండి. సమయం కలిసొచ్చేది అక్కడే. 1873 నమూనాలో తూటా లిఫ్టు ఎక్కినట్టు నిటారుగా పైకొస్తుంది, లివర్ వెన్నలా కదులుతుంది. ఇప్పుడు ఉబెర్టీ చేస్తోంది. ధర ఎక్కువే. 1892 నమూనాలో రోసీ చేసేది చవక, గట్టిది, కాకపోతే లివర్ కాస్త బిగువు. మార్లిన్ 1894 కూడా మంచిదే. 1873 కొనేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి: ఆ లిఫ్టు తూటా పొడవుని బట్టి పనిచేస్తుంది. మరీ పొట్టి తూటా అయితే దాని వెనకాలది తల లోపలికి దూర్చి లిఫ్టుని ఇరికించేస్తుంది. అందుకే పెట్టెలకి పెట్టెలు కొనకముందు పది తూటాలు ఆ రైఫిల్లోనే తోసి చూడండి. గుండు కొస చదునుగా ఉండాలి. రైఫిల్‌లో తూటాలు దాచే కింది గొట్టంలో అవి ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. సూదిమొన గుండు అయితే ముందున్న తూటా ప్రైమర్‌ని పొడుస్తుంది, తుపాకీ తన్నిన అదురుకి అది లోపలే పేలొచ్చు.

షాట్‌గన్ విషయంలో నేను చేసిన తప్పు చెప్తాను. మా ఆవిడకి మొదటి మ్యాచ్‌కి నా 12 గేజ్ జంట గొట్టాల తుపాకీ ఇచ్చాను (గేజ్ అంటే గొట్టం కొలత, అంకె పెరిగితే గొట్టం సన్నం). నా భుజానికి సరిపోయిన బట్టు, అంటే భుజానికి ఆనించే వెనక భాగం, ఆవిడకి రెండంగుళాలు పొడుగు. అందుకని భుజం గుంటలో ఆనక, చేతి కండ మీద ఆనింది. మూడు గంటలు కిమ్మనకుండా పేల్చింది. ఇంటికొచ్చాక చూస్తే భుజం కింద అరచేయంత నల్లగా కమిలిపోయింది. కొబ్బరినూనె రాస్తుంటే నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. నెల రోజులు మళ్లీ తుపాకీ ముట్టుకోలేదు. తర్వాత బట్టు కోయించి, రబ్బరు మెత్త వేయించి, తక్కువ తన్నే తూటాలు తెచ్చాను. ఇవాళ ఆవిడ నాకన్నా వేగం. మోచేతిని మడిచి బట్టుని మోచేతి మడతకి ఆనిస్తే వేలు ట్రిగ్గర్‌కి సునాయాసంగా అందాలి. కొనేచోట ఇది చూడకుండా డబ్బులు కట్టకండి.

జంట గొట్టాలది, ఖాళీ గుల్లల్ని బయటికి విసిరే ఎజెక్టర్ లేనిది కొత్తవాళ్లకి మేలు. ఖాళీ గుల్లలు వాటంతటవే జారి పడాలి కాబట్టి పైన గాట్లు లేని నున్నటి ప్లాస్టిక్ తూటాలు కొనండి. గాట్లున్నవి వేడికి గొట్టం గోడలకి అంటుకుంటాయి. 20 గేజ్ కూడా వాడొచ్చు, తేలిక. కానీ ఇంట్లో ఒకరికి 12, ఒకరికి 20 ఉంటే సంచులు వేరుగా పెట్టండి. 20 తూటా పొరపాటున 12 గొట్టంలో పడితే లోపలికి జారి ఇరుక్కుంటుంది, పైనుంచి కనపడదు. దాని వెనక 12 పెట్టి పేలిస్తే గొట్టం పగులుతుంది, చేతులు పోతాయి. 20 తూటాలకి పసుపు రంగు వేసేది ఇందుకే.

ఇంట్లో మందు నింపుకునేవాళ్లకి ఒక్క హెచ్చరిక. ఒకసారి నేను ఒక గుల్లలో మందు మరిచిపోయాను. మ్యాచ్‌లో ఠాప్ అనాల్సిన చోట 'తుస్' అని చిన్న చప్పుడు. ప్రైమర్ బలానికే గుండు గొట్టంలోకి వెళ్లి అక్కడే ఆగింది. నా బొటనవేలు అప్పటికే మళ్లీ హ్యామర్ మీద ఉంది. వెనక టైమర్ పట్టుకున్న పెద్దాయన "ఆగు" అని అరవకపోతే రెండో గుండు మొదటిదాన్ని గుద్దేది. చప్పుడు తేడాగా వినిపిస్తే వెంటనే తుపాకీ దించెయ్యండి. సెకన్లు పోతే పోనివ్వండి. ఇంకోటి, ఇవన్నీ సీసం గుండ్లు. చేతులు సబ్బుతో కడుక్కోకుండా పిల్లల్ని ఎత్తుకోవద్దు, టిఫిన్ డబ్బా ముట్టుకోవద్దు.

వచ్చే నెల రెండో శనివారం నాతో మ్యాచ్‌కి రండి. వీసా మీద ఉన్నవాళ్లు గీత వెనక కూర్చుని చూడొచ్చు, మిగతావాళ్లు పేల్చొచ్చు. ఎవరూ ఏమీ కొనకండి. మా ఆటలో ఒక మంచి అలవాటు ఉంది, కొత్తవాళ్లు కనపడితే తమ తుపాకీ చేతికిచ్చి 'ఇది చూడు' అంటారు. మూడు నాలుగు రకాలు పట్టుకుని చూస్తే మీ చెయ్యే చెప్తుంది. కళ్లద్దాలు, చెవులకి పెట్టుకునేవి నా దగ్గర నాలుగు జతలున్నాయి, ఇంకా కావాలంటే గురువారం లోపల ఫోన్ చెయ్యండి. ఉదయం ఏడున్నరకి బయల్దేరదాం. ఆ .44 కొన్న తమ్ముడు నా కార్లోనే వస్తున్నాడు, మా ఆవిడ రివాల్వర్లు అతని కోసం ఇప్పటికే తుడిచి పెట్టింది.