ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు మార్చాం: ఏ సెట్టు కొనాలి, ఏ పని వదలకుండా చేయించుకోవాలి

అందరికీ నమస్కారమండి. ముందు ఈ రెండు ప్యాడ్లూ చూడండి, కెమెరాకి దగ్గరగా పెడతాను. ఇది బయటివైపుది. దీని మీద మెటీరియల్ ఇంకా అయిదారు మిల్లీమీటర్లుంది. ఇదేమో లోపలివైపుది, పిస్టన్ పక్కన కూర్చునేది. ఇనప ప్లేటు మీద మిగిలింది గోరు మందం కూడా లేదు. రెండూ ఒకే చక్రానివి, ఒకే రోజు వేసినవి.

ఈ కారు మా బావమరిదిది. భోగాపురం అవతల ఊరు, పగలూ రాత్రీ సముద్రపు గాలే. "బావా, బ్రేకేస్తే కీచుమంటోంది, ప్యాడ్లు తెచ్చి పడేద్దాం" అన్నాడు. ఆ కీచు ఎక్కడిదో చూడండి. ప్యాడ్ చివర ఈ చిన్న రేకు ముక్క వంగి ఉంది కదా, ప్యాడ్ అరిగిపోయాక ఇది చక్రంతోపాటు తిరిగే డిస్కుకి తగిలి అరుస్తుంది. కావాలనే పెట్టిన ఏర్పాటు. అది అరుస్తుంటే పాట సౌండ్ పెంచుకుని తిరిగేవాళ్లు మన విజయనగరంలో బోలెడుమంది.

కొత్త ప్యాడ్ మీద మెటీరియల్ సుమారు 10 మిల్లీమీటర్లుంటుంది. 3కి వచ్చిందంటే మార్చేయాలి. సరే, అది అందరూ చెప్పేదే. లోపలిది అరిగి బయటిది ఎందుకు మిగిలిందన్నది ఈరోజు అసలు సంగతి.

ప్యాడ్లని డిస్కుకి రెండువైపులా పట్టి నొక్కేదాన్ని క్యాలిపర్ అంటారు. మన చిన్న కార్లలో దానికి పిస్టన్ ఒక పక్కే ఉంటుంది. బ్రేకు నొక్కితే అది లోపలి ప్యాడ్‌ని డిస్కు మీదకి తోస్తుంది. ఆ తోపుకి క్యాలిపర్ మొత్తం వెనక్కి జరిగి, బయటి ప్యాడ్‌ని కూడా లాక్కొస్తుంది. ఆ జరగడం ఈ రెండు స్లైడ్ పిన్నుల మీదే. ఇవి తుప్పు పట్టాయనుకోండి, వానాకాలంలో ఉబ్బిన సొరుగులాగ బిగుసుకుపోతాయి. క్యాలిపర్ జరగదు, పనంతా లోపలి ప్యాడ్ మీదే పడుతుంది. ఇదిగో, ఈ పిన్ను బయటికి తీయడానికి ఎంత తిప్పాల్సొచ్చిందో చూడండి. గ్రీజు ఎండిపోయి నల్లగా గార కట్టింది, కింద ఎర్రటి తుప్పు. కిందటిసారి ప్యాడ్లు వేసినవాళ్లు వీటి జోలికే పోలేదు. ప్యాడ్లకీ కూలికీ డబ్బులైతే తీసుకున్నారు.

పిన్నుని సన్నటి ఎమరీ పేపర్‌తో రుద్ది, గుడ్డతో తుడిచి, లోపలి రంధ్రం కూడా శుభ్రం చేసి కొత్త గ్రీజు రాయాలి. ఏ గ్రీజు పడితే అది కాదండి. బేరింగులకి పూసే మామూలు గ్రీజు రాస్తే పిన్నుల మీద తొడిగే ఈ రబ్బరు బూట్లు ఉబ్బిపోతాయి. బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజు చిన్న ట్యూబు అడగండి. బూటు చిరిగితే మార్చేయండి, లేకపోతే నీళ్లు మళ్లీ లోపలికే పోతాయి.

ఇక మిగతా పని గబగబా చెప్తాను. చదునైన నేల మీద పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, వెనక చక్రాలకి రాళ్లు పెట్టండి. వీల్ నట్లు బండి నేల మీద ఉండగానే కాస్త వదులు చేసుకోవాలి. ఒక్క జాకీని నమ్మకండి, పక్కన స్టాండు ఉండాల్సిందే. క్యాలిపర్ కింది బోల్టు తీసి పైకి ఎత్తండి. పూర్తిగా ఊడదీస్తే మాత్రం బ్రేక్ ఆయిల్ గొట్టానికి వేలాడదీయకుండా తీగతో కట్టండి. పాత ప్యాడ్‌ని పిస్టన్‌కి అడ్డం పెట్టి, సీ క్లాంపుతో పిస్టన్‌ని మెల్లగా లోపలికి నొక్కండి. నొక్కేముందు పైన బ్రేక్ ఆయిల్ డబ్బా చూసుకోండి, ఆయిల్ వెనక్కొచ్చి పొర్లిపోతుంది. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లు పొయ్యండి, ఆ ఆయిల్ రంగు తినేస్తుంది. పిస్టన్ చుట్టూ తడి కనిపించిందా, అక్కడితో ఆపి మెకానిక్‌ని పిలవండి.

ఆ నల్లదుమ్ము నోటితో ఊదకండి. తడిగుడ్డతో తుడవండి. ఇంకోటి, ఈ డిస్కు వెనక రేకులో ఏటుందో చూడండి. చోడి గడ్డి, అదే రాగి గడ్డి! పంటల రోజుల్లో రోడ్ల మీద చోళ్లు, ఉలవలు పరిచి మన బళ్లచేతే నూర్పిస్తారు కదా, ఇలగ వచ్చి చుట్టుకుంటుంది. లాగి పారేశాం.

డిస్కు మందం కూడా కొలవండి. ఎంతకంటే తగ్గకూడదో చాలా డిస్కుల మీదే అచ్చేసి ఉంటుంది. మాది ఇంకా బావుంది.

ప్యాడ్ల రివ్యూకి వద్దాం. షాపులో మూడు రకాలు చూపించారు. కంపెనీ జెన్యూన్ ఒకటి. బాష్, రానే లాంటి బయటి బ్రాండ్లు రెండోది. సిరామిక్ మూడోది. సిరామిక్‌కి దుమ్ము తక్కువ, చప్పుడు తక్కువ, రేటు మాత్రం ఎక్కువ. విజయనగరంలో గంటస్తంభం నుంచి కోట దాకా, కోట నుంచి మయూరి జంక్షన్ దాకా తిరిగే బండికి అది దండగని నా లెక్క. మేం జెన్యూన్ వేశాం. క్యాలిపర్‌లో చక్కగా కూర్చుంది, రుద్దాల్సిన పని రాలేదు. నాకు నచ్చనిదల్లా, చక్రం మీద నల్లదుమ్ము కాస్త ఎక్కువే పడుతోంది. బయటి బ్రాండ్లలో కూడా మంచివున్నాయి, డబ్బా సీలు చూసి, బిల్లు తీసుకోండి. పేరు లేని సరుకు బ్రేకుల దగ్గర వద్దే వద్దు.

బిగించాక కారు కదపకముందే పెడల్ గట్టిపడేదాకా నొక్కుతూ ఉండండి. ఇది మరిచిపోతే మొదటి బ్రేకుకి పెడల్ నేలకి పోతుంది, గోడ దగ్గర ఆగుతారు. తర్వాత తెల్లారకట్ల గజపతినగరం రోడ్డు మీదకి తీసుకెళ్లాం. 60 కిలోమీటర్ల స్పీడు నుంచి 20కి బ్రేకేస్తూ, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ ఎనిమిది పదిసార్లు. ప్యాడ్, డిస్కు సర్దుకుంటాయి.

ఆ తర్వాత సాలూరు దాటి సుంకి ఘాటీ కొండదారి ఎక్కి దిగాం. దిగేటప్పుడు రెండో గేరులోనే ఉంచాం, లారీ వెనకాల కూడా పెడల్ మెత్తబడలేదు. ఆయిల్ కూడా మార్చాం లెండి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. ఘాటీలో ఆయిల్ మరిగితే బుడగలొచ్చి పెడల్ స్పాంజిలా అయిపోతుంది. రెండేళ్లకోసారి మార్చేయండి.

సాలూరు, అరకు వైపు తరచూ వెళ్లేవాళ్లు, భోగాపురం, పూసపాటిరేగ వైపు సముద్రం పక్కన ఉండేవాళ్లు ప్యాడ్లతోపాటు పిన్నుల బూట్లు, ప్యాడ్ క్లిప్పులు కూడా అడిగి కొనండి. "అక్కర్లేదు సార్, పాతవి బావున్నాయి" అంటాడు షాపాయన. అయినా అడగండి. డబ్బాలో రాకపోతే విడిగా ఉన్నాయేమో చూడమనండి.