పది లీటర్ల సిలిండర్‌లో ఎన్ని లీటర్లు?

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో వచ్చారు, ముందు నీళ్ళు తాగండి, వెనక మూల కుండ పెట్టించాం, ఆ కుండ సంగతి కూడా చివర్లో మాట్లాడుకుందాం. ఇంటర్ ఫస్టియర్‌లో చేరబోయే పిల్లలు ఎక్కువమంది కనపడుతున్నారు, అమ్మానాన్నలు కూడా వచ్చారు, చాలా సంతోషం, ఇవాళ మనం మాట్లాడుకునేది యూనిట్ల గురించి, నా మొదటి ప్రశ్న పిల్లలకి కాదు, పెద్దవాళ్ళకి. సెంటుకి ఎన్ని గజాలండి?

చూశారా, నేను అడగడం పూర్తికాకముందే నలభై ఎనిమిది పాయింట్ నాలుగు అనేశారు. ఎకరానికి వంద సెంట్లు, 4840 గజాలు, మన గుంటూరు బెజవాడ మధ్య స్థలం కొన్నవాళ్ళకీ కొనాలనుకున్నవాళ్ళకీ ఇది ఎవరూ నేర్పక్కర్లా. సరే, గజానికి ఎన్ని అడుగులు? తొమ్మిది అంటున్నారు, కరెక్టే. కానీ బట్టల షాపులో గజం అంటే మూడడుగులే కదా, మరి ఇక్కడ తొమ్మిది ఎట్లా అయింది? స్థలం గజం అంటే పొడుగు మూడు, వెడల్పు మూడు, మూడు మూళ్ళు తొమ్మిది. నోటితో గజం అనే అంటాం గానీ దాని ముందు చదరపు అనే మాట ఉంది, మనం పలకం, అంతే. పెద్దవాళ్ళు పలకకపోయినా మర్చిపోరు, ఎందుకంటే మర్చిపోతే డబ్బులు పోతాయి. పిల్లలు మాత్రం పేపర్లో మీటరుకి వంద సెంటీమీటర్లు కాబట్టి క్యూబిక్ మీటరుకి వంద క్యూబిక్ సెంటీమీటర్లు అని రాసేసి వస్తారు. వంద ఇంటూ వంద ఇంటూ వంద, పది లక్షలు రావాలి. పదివేల రెట్లు తేడా అది. కరెక్షన్‌లో అర మార్కు పోతుంది కాబట్టి యూనిట్ అంటే అర మార్కు విషయం అని మన పిల్లల మనసులో పడిపోయింది, నాకు ఇన్నేళ్ళ పాఠాల్లో అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

అయిదు సెంట్ల స్థలం ఎన్ని చదరపు అడుగులు అని అడిగితే ఇట్లా రాయండి. 5 సెంట్లు, ఇంటూ సెంటుకి 48.4 గజాలు, ఇంటూ గజానికి 9 చదరపు అడుగులు. పైన సెంటు కింద సెంటు కొట్టేయండి, పైన గజం కింద గజం కొట్టేయండి, మిగిలింది చదరపు అడుగులు, 2178. ఇక్కడ కిటుకు ఏంటంటే మనం గుణించిన ప్రతి భిన్నం విలువ సరిగ్గా 1, 48.4 గజాలూ ఒక సెంటూ ఒకే నేల కాబట్టి, అందుకే స్థలం పెరగలా తగ్గలా, పేరు మారింది. గుణించాలా భాగించాలా అన్న డౌట్ వచ్చిందంటే ఆ పిల్లాడు యూనిట్లు రాయకుండా నంబర్లు మాత్రమే రాశాడని అర్థం, రాసుంటే ఏది కొట్టుకుపోవాలో అదే చూపిస్తుంది. కెమిస్ట్రీలో మోల్స్ లెక్కలు, అంటే డజను లాగా అణువుల్ని గుంపులుగా లెక్కపెట్టే లెక్కలు, మొత్తం ఇదే పద్ధతి, కొత్తది ఏమీ లేదు.

ఇంకోటి, క్యూసెక్కులు టీఎంసీలు. 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, సింగ్ నగర్ వైపు ఇళ్ళలోకి బుడమేరు వచ్చింది కూడా ఆ రోజుల్లోనే, ఈ హాల్లో దాన్ని అనుభవించినవాళ్ళు ఉన్నారని నాకు తెలుసు. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, అది ప్రవాహం. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అది పరిమాణం. రెండిటినీ ఒకే రకం నంబర్లలాగా పక్కపక్కన పెట్టి మాట్లాడుతుంటారు, అట్లా కుదరదు, మధ్యలో టైమ్ రావాలి. బ్యారేజీ నిండా నీళ్ళుంటే 3.07 టీఎంసీలు, అంటే 307 కోట్ల ఘనపుటడుగులు. దాన్ని సెకనుకి 11.43 లక్షలతో భాగిస్తే 2686 సెకన్లు, ముప్పావు గంట. అంటే బ్యారేజీ పట్టే నీళ్ళంతా ముప్పావు గంటకోసారి కొత్తగా వచ్చి పోతున్నట్టు. నంబరు పక్కన యూనిట్లు రాసి లెక్కేస్తే గానీ ఆ వరద ఎంతో మనకి అందదు.

ఇప్పుడు అసలు నేను చెప్పాలని వచ్చింది చెప్తా. 2021 మే నెల. ఆ రోజులు ఎట్లా ఉన్నాయో ఎవరికీ గుర్తు చేయక్కర్లేదు. మా బాబాయ్ ఇంట్లోనే ఉన్నాడు, బెడ్ దొరకలా, డాక్టర్ గారు ఫోన్లో చూసి నిమిషానికి రెండు లీటర్ల ఆక్సిజన్ పెట్టమన్నారు, ఎవరో తెలిసినవాళ్ళు చిన్న సిలిండర్ ఒకటి సర్దారు. రాత్రి పదింటికి పిన్ని ఫోన్ చేసింది, గొంతు వణుకుతోంది. "ఏరా, ఇది పది లీటర్ల సిలిండరంట, నిమిషానికి రెండు లీటర్లు పెట్టారు, అయిదు నిమిషాల్లో అయిపోద్దా?" అంది. పదిని రెండుతో భాగించింది, ఆమె భాగహారంలో తప్పేం లేదు. లీటరు అనే మాట రెండు చోట్ల రెండు అర్థాల్లో ఉందని ఆమెకి ఎవరు చెప్పారు? సిలిండర్ మీద పది లీటర్లు అంటే ఆ ఇనుప డబ్బాలో పట్టే జాగా, నీళ్ళు పోస్తే పది లీటర్లు పడతాయి. ముక్కు దగ్గరికి వచ్చే రెండు లీటర్లు మాత్రం బయటి గాలి ఒత్తిడి దగ్గర కొలిచిన గ్యాసు.

నేను అడిగా, పిన్నీ ఆ గడియారంలాంటి దాంట్లో ముల్లు ఎక్కడ ఉంది అని. 120 దగ్గర ఉందిరా అంది. ఆ 120 కేజీలు పర్ స్క్వేర్ సెంటీమీటర్, అంటే ఇంచుమించు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి 120 రెట్లు. పది లీటర్ల జాగాలో 120 రెట్ల ఒత్తిడిలో కుక్కి ఉన్న గ్యాసుని బయటికి వదిలితే 1200 లీటర్లు అవుతుంది. నిమిషానికి రెండు చొప్పున 600 నిమిషాలు, పది గంటలు. చివరిదాకా నమ్ముకోకూడదు కాబట్టి ఎనిమిది గంటలు లెక్క పెట్టుకో పిన్నీ, ఈ లోపు పొద్దునకల్లా ఇంకోటి చూద్దాం అన్నా. ఆమె నమ్మలా, నమ్మకపోవడం సహజం కదా, పక్కన మనిషి ఆయాసపడుతుంటే. అప్పుడు ఇంకో లెక్క చెప్పా. గంటకి 120 లీటర్లు ఖర్చు, పది లీటర్ల డబ్బా, కాబట్టి గంటకి ముల్లు పన్నెండు దిగాలి. నువ్వు గోడ క్యాలెండర్ మీద రాస్తా ఉండు, పదకొండింటికి 108, పన్నెండింటికి 96, అట్లా దిగుతుంటే లెక్క కరెక్ట్ అని. పదకొండింటికి మెసేజ్ వచ్చింది, 108 అని. పన్నెండున్నరకి 90. ఆ తర్వాత ఆమె రెండు గంటలు పడుకోగలిగింది. బాబాయ్ బతికాడు, ఆయన బతికింది డాక్టర్ల వల్ల, దేవుడి వల్ల, నా లెక్క వల్ల అని నేను అనను, కానీ ఆ రాత్రి మా పిన్ని పడుకున్న రెండు గంటలు మాత్రం బాయిల్ లా వల్లే. 1662లో రాబర్ట్ బాయిల్ చెప్పింది, టెంపరేచర్ మారకపోతే ఒత్తిడి ఇంటూ ఘనపరిమాణం మారదని. మన టెక్స్ట్ బుక్కులో అది రెండు మార్కుల ప్రశ్న.

టెంపరేచర్ మారితే? అది కూడా ఆ మే నెలలోనే ఇంకొకళ్ళ ఇంట్లో చూశా, సిలిండర్ని వరండాలో ఎండలో పెట్టారు, ముల్లు పైకి వెళ్ళింది, గ్యాసు ఇంకా ఉందిలే అనుకున్నారు. గ్యాసు పెరగలా, వేడెక్కి అణువులు గోడలకి గట్టిగా కొట్టుకుంటున్నాయి, అంతే. ఎంత పెరగాలి? 27 డిగ్రీల నుంచి 47కి వెళ్తే దాదాపు రెట్టింపు అని సగం క్లాసు రాస్తుంది. గ్యాసులకి సెల్సియస్ పనికిరాదు, సెల్సియస్‌లో సున్నా అంటే నీళ్ళు గడ్డకట్టే చోటు, వేడి అసలు లేని చోటు కాదు. 273 కలిపి కెల్విన్‌లోకి రండి, 300 నుంచి 320, పెరిగింది నూటికి ఆరేడు వంతులే. 120 ఉన్న ముల్లు 128 దాకా వెళ్తుంది. అయినా ఎండలో పెట్టొద్దు, ప్రమాదం. ఈ టెంపరేచర్ సంగతి 1787 ప్రాంతంలో గమనించిన జాక్ ఛార్లెస్ స్వయంగా హైడ్రోజన్ బెలూన్‌లో ఎగిరినాయన, కనిపెట్టింది అచ్చు వేయలేదు, 1802లో గేలుస్సాక్ అనే ఇంకో శాస్త్రవేత్త అచ్చు వేస్తూ ఆయన పేరు చెప్పాడు, ఆ నిజాయితీ నాకు చాలా ఇష్టం.

22.4 లీటర్ల గురించి ఒక్క మాట, తొందరగా. అది సున్నా డిగ్రీలు, ఒక అట్మాస్ఫియర్ దగ్గర మోల్ గ్యాసు. మన దగ్గర 42 డిగ్రీల మధ్యాహ్నం అదే మోల్ దగ్గరదగ్గర 25.9 లీటర్లు. 1982 నుంచి ఐయూపాక్ వాళ్ళు, అంటే కెమిస్ట్రీలో ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ, స్టాండర్డ్ ప్రెషర్‌ని ఒక బార్‌కి మార్చారు, అప్పుడు 22.7. కాబట్టి ప్రశ్నలో కండిషన్లు చదవకుండా 22.4 వేయొద్దు. గ్యాసు సమీకరణంలో వచ్చే స్థిరాంకం ఆర్ విలువ కూడా అంతే, 0.0821 అంటే లీటర్ అట్మాస్ఫియర్లు, 8.314 అంటే జౌల్స్, ఏది వాడాలో యూనిట్లు చూస్తే తెలుస్తుంది, గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు ఒకమ్మాయి చెయ్యెత్తింది, వంటగ్యాస్ సిలిండర్‌కి కూడా ఇట్లా ముల్లు పెట్టి లెక్కేయొచ్చా అని. చాలా మంచి ప్రశ్నమ్మా. వేయలేం. ఆక్సిజన్ సిలిండర్లో గ్యాసు గ్యాసుగానే ఉంటుంది, వంటగ్యాస్ మాత్రం లోపల ద్రవం, బండ కదిపితే అలికిడి వినపడుతుంది కదా. పైనుంచి కొంచెం గ్యాసు వాడుకోగానే కింద ద్రవం అంత ఆవిరై ఆ ఖాళీ నింపేస్తుంది, కాబట్టి టెంపరేచర్ మారనంతవరకు ఒత్తిడి అట్లాగే ఉంటుంది, ఆఖరి చుక్క ఆవిరయ్యేదాకా ముల్లు ఏమీ చెప్పదు. అందుకే దాన్ని లీటర్లలో కాకుండా 14.2 కేజీలు అని బరువులో అమ్ముతారు. ఖాళీ బండ బరువు దాని మీదే రాసి ఉంటుంది, వచ్చిన అబ్బాయి దగ్గర త్రాసు ఉంటుంది, తగిలించి చూపించమనండి, రెండిటి తేడా 14.2 రావాలి, అడగడానికి మొహమాటం వద్దు. ఇంకోటి, గాలి సగటు మోలార్ మాస్, అంటే ఒక మోల్ బరువు, 29 గ్రాములు, వంటగ్యాస్‌లో ఉండే ప్రొపేన్ 44, బ్యూటేన్ 58. గాలికంటే బరువు కాబట్టి లీకైతే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా కింద దాకా తెరుచుకునే తలుపులు తీయండి. ఇది పరీక్షలో రాకపోయినా పర్లేదు, గుర్తుంటే చాలు.

పెళ్ళి వంటల దగ్గర చూశారా, పెద్ద పొయ్యి గంటసేపు మండితే బండ చుట్టూ చెమట పడుతుంది, ఒక్కోసారి మంచు కూడా కడుతుంది, మంట సన్నగిల్లుతుంది, అప్పుడు వంటవాళ్ళు దాన్ని నీళ్ళ టబ్బులో పెడతారు. ద్రవం ఆవిరవ్వాలంటే వేడి కావాలి, ఆ వేడిని బండ నుంచే లాక్కుంటుంది, బండ చల్లబడుతుంది. మామూలు నీళ్ళు ఆ వేడిని తిరిగి ఇస్తున్నాయి. కొంతమంది మరిగే నీళ్ళు పోస్తారు, అది మాత్రం చేయనివ్వకండి.

వేడి వేరు, టెంపరేచర్ వేరు అని ఇక్కడే అర్థమవ్వాలి. ఇడ్లీపాత్ర మూత తీసేటప్పుడు చెయ్యి కాలినవాళ్ళకి తెలుసు, మరిగే నీళ్ళు పడ్డదానికంటే ఆవిరి తగిలితే ఎక్కువ కాలుద్ది. రెండూ 100 డిగ్రీలే. ఒక గ్రాము మరిగే నీళ్ళు ఒంటి వేడి 37కి దిగేసరికి 63 ఇంటూ 4.18, దాదాపు 263 జౌల్స్ ఇస్తాయి. ఒక గ్రాము ఆవిరి ముందు నీళ్ళవ్వాలి, అందులోనే 2260 జౌల్స్ వదిలేస్తుంది, ఆ పైన ఈ 263. తొమ్మిది రెట్లకి పైనే. అందుకే ఆవిరి మన వైపు కాకుండా అవతలి వైపుకి పోయేలా మూత ఎత్తమని మా అమ్మ చెప్పేది.

ఇక ఆ మూల కుండ. కుండలో పది లీటర్లు, అంటే పదివేల గ్రాముల నీళ్ళు. ఒక డిగ్రీ తగ్గాలంటే 41,800 జౌల్స్ బయటికి పోవాలి. కుండ గోడలోంచి ఊరి, పైన ఆరిపోయే ప్రతి గ్రాము నీరు మన వాతావరణంలో దాదాపు 2400 జౌల్స్ తీసుకుపోతుంది. వంద గ్రాములు ఆరితే 2,40,000 జౌల్స్, ఆరు డిగ్రీలకి కొంచెం తక్కువ. నిజానికి బయటి వేడి గాలి కూడా కుండకి వేడి ఇస్తూనే ఉంటుంది, కాబట్టి అంతకంటే ఎక్కువే ఆరాలి. మే నెల పొడి వడగాడ్పులో కుండ బాగా చల్లబడి, జూలై ఉక్కపోతలో బద్ధకించేది ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు, గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఆరడం నెమ్మదవుతుంది, మన ఒంటి చెమట కూడా అంతే.

ఇంటికెళ్ళాక ఒక పని చేయండి. చిన్న మట్టి ముంతని ముందు గంటసేపు నీళ్ళలో నాననివ్వండి, తర్వాత అరలీటరు నీళ్ళు పోసి మూత పెట్టి, వంటింటి డిజిటల్ త్రాసు మీద రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి తూచండి, పక్కనే స్టీలు గిన్నెలో కూడా అంతే నీళ్ళు పోసి మూత పెట్టి ఉంచి దాన్నీ తూచండి, థర్మామీటర్ ఉంటే రెండిటి టెంపరేచర్ రాయండి. నీళ్ళు ఎన్ని గ్రాములు పోయాయి, ఎన్ని జౌల్స్ పోయినట్టు, ఎన్ని డిగ్రీలు తగ్గాలి, నిజంగా ఎన్ని తగ్గాయి. వచ్చే ఆదివారం ఇదే హాల్లో ఇదే టైముకి ఆ కాగితాలు తెచ్చుకోండి, నేను ముందు చూసేది నంబర్ని కాదు, దాని పక్కన ఏం రాశారో.