మూడో దిండు

అధ్యక్షులవారికి, వేదిక మీది డాక్టర్లకు, చక్రాల కుర్చీల్లో ఇంత దూరం వచ్చినవారికి నమస్కారం. జూన్ 21, ఎం.ఎన్.డి. దినం, అంటే కండరాలను ఆడించే నరాలు క్షీణించే మోటార్ న్యూరాన్ జబ్బు దినం. 'సంరక్షకుల పాత్ర' మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. రాసుకొచ్చాను కూడా. ఆ కాగితం జేబులోనే ఉండనివ్వండి. దిండ్ల గురించి చెప్తాను.

జబ్బు తేలినప్పుడు మా నాన్నగారికి ఒక్క దిండు. చేతులు సన్నబడ్డాయి, గ్లాసు జారిపోయేది, అవన్నీ డాక్టరుకి చెప్పాం. సంక్రాంతికి రెండు దిండ్లయ్యాయి. ఎండాకాలానికి మూడు. ఆ తర్వాత మంచమే మానేసి పడక్కుర్చీ. వెల్లకిలా పడుకుంటే 'గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుందిరా' అనేవారు. తెల్లారి లేస్తూనే తలనొప్పి, అమ్మ అమృతాంజనం రాసేది. పగలు పేపరు ఒళ్ళో పెట్టుకుని కునికిపాట్లు. దిగులనుకున్నాం. ఒకాయన నిద్రమాత్ర రాశారు. వేశాం.

నేను బయాలజీ మాస్టారినండీ! ఉదర వితానం, అదే డయాఫ్రం, బొమ్మ ఏటా పదో తరగతికి బోర్డు మీద గీసినవాణ్ణి. కలలొచ్చే నిద్రలో ఒంట్లో కండరాలన్నీ వదులైపోతాయి, ఊపిరి బరువు దాదాపు అంతా ఆ డయాఫ్రం మీదే పడుతుంది. ఈ జబ్బు దాన్నీ వదలదు. పగలు బాగానే ఉన్నట్టు కనిపించే మనిషికి రాత్రి కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. పొద్దుటి తలనొప్పి అక్కడిది. అలాంటప్పుడు నిద్రమాత్ర ఊపిరిని ఇంకా మందగించేలా చేయొచ్చు. ఉత్త ఆక్సిజన్ పెట్టినా ఆ గ్యాసు పెరగొచ్చు.

వెనక వరసలవాళ్ళు, ఇంట్లో దిండ్లు పెరిగినవాళ్ళు ఒకసారి చెయ్యెత్తండి. చూశారా డాక్టరుగారూ? ఎనిమిది నెలలు తిరిగాం. నడిపించి చూశారు, చేతిపట్టు చూశారు. 'రాత్రి ఎలా పడుకుంటున్నారు' అని ఒక్కరూ అడగలేదు. మేమూ చెప్పలేదనుకోండి.

పిక్కలు పట్టేసినా, ఒత్తిగిల్లలేకపోయినా, చొంగ గొంతుకి అడ్డుపడినా నిద్ర పట్టదు, నిజమే. ఊపిరి సంగతి మాత్రం ముందు తేల్చుకోవాలి. 2006లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో 41 మందితో చేసిన పరిశోధన చూడండి: మాట, మింగుడు మరీ దెబ్బతిననివాళ్ళకి మాస్కు ద్వారా ఊపిరికి సాయపడే మిషన్‌తో, అదే బైపాప్‌లాంటిదానితో, మధ్యస్థ ఆయుష్షు 205 రోజులు పెరిగింది. ఈ జబ్బుకి వాడే రిలుజోల్ మాత్ర ఇచ్చేది రెండు మూడు నెలలే.

బైపాప్ పెట్టిన మొదటి రాత్రి నాన్నగారు తల అటూ ఇటూ తిప్పి మాస్కు జార్చేశారు. అయిదో రాత్రి నిద్రపోయారు. తెల్లారి అమ్మ సీసా తెస్తే, 'ఎందుకే' అన్నారు.

గంట కొట్టారు, అయిపోయింది. ఆ మిషన్ మా ఇంట్లో ఖాళీగా ఉంది. కావలసినవాళ్ళు సభయ్యాక నన్ను కలవండి, డాక్టరుగారితో ప్రెషర్లు సరిచేయించుకోండి. మాస్కు మాత్రం మీ ముఖానికి సరిపోయేది కొత్తది కొనుక్కోవాలి. ఇన్వర్టర్ ఉందా మీకు?