రాత్రికి కంప్యూటర్ ఆపాలా, అలాగే వదిలేయాలా?

వ్యాఖ్యాత: నమస్కారం. హనుమకొండ స్టూడియోలో ఈరోజు మనతో ఎలక్ట్రికల్ లెక్చరర్ మేడమ్, కంప్యూటర్లు బాగుచేసే మెకానిక్ అన్న, ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి (రైతుల సరుకు కమిషన్ మీద అమ్మిపెట్టే) దుకాణం లెక్కలు చూసే గుమాస్తా గారు ఉన్నారు. గుమాస్తా గారూ, మీరు రాత్రి కూడా కంప్యూటర్ ఆపరట?

గుమాస్తా: ఆపమండి. మిర్చి సీజన్‌లో పొద్దున్నే బస్తాలు దిగుతాయి. రైతు తక్‌పట్టీ, అంటే సరుకు అమ్మిన లెక్క చీటీ, కోసం నిలబడి ఉంటాడు. మా కంప్యూటరేమో ఆన్ అయి బిల్లింగ్ తెరుచుకునేసరికి చాలాసేపు పడుతుంది. మాటిమాటికీ ఆన్, ఆఫ్ చేస్తే పాడవుతుందని కూడా అంటారు కదా.

మెకానిక్: తిరిగే హార్డ్ డిస్కుకు ఆగి మళ్లీ తిరగడం కొంత శ్రమే. అయినా రోజుకోసారి ఆపితే చెడిపోదు. హార్డ్ డిస్కుకు బదులు వేసే ఎస్‌ఎస్‌డీ చిప్‌ల మీద నడుస్తుంది, అందులో తిరిగే భాగమే ఉండదు. మార్కెట్ కంప్యూటర్లకు అసలు శత్రువు దుమ్ము. సీపీయూ మూత తీస్తే వేడిని లాగేసే హీట్‌సింక్ రెక్కల మధ్య పత్తి నూగు అట్టకట్టి, దాని మీద ఎర్రగా మిర్చి పొడి కనిపిస్తుంది. బ్రష్ పెట్టగానే తుమ్ములే. గాలి దారి మూసుకుపోతే ఫ్యాన్ ఇంకా వేగంగా తిరిగి ఇంకా దుమ్ము లాగుతుంది. షట్టర్ దించిన గదిలో, మే నెల ఉక్కపోతలో, మనిషి లేకుండా రాత్రంతా అది తిరగడం ఎందుకు?

లెక్చరర్: కరెంటు సంగతీ చూడాలి. ఖాళీగా ఉన్న డెస్క్‌టాప్ 60 వాట్లు తీసుకుంటుందనుకోండి. రాత్రి 8 నుంచి పొద్దున 9 దాకా, నెలకు 23 యూనిట్లు దాటుతాయి. అదే స్లీప్‌లో, అంటే తెరిచిన పనిని అలాగే ఉంచి కంప్యూటర్ నిద్రపోతే, 3 వాట్లు అనుకుంటే నెలకు ఒక యూనిట్ పైచిలుకే.

మెకానిక్: 23 యూనిట్ల కోసం దుకాణదారుడు అలవాటు మార్చుకోడు మేడమ్.

లెక్చరర్: ఒక్క దుకాణమే కాదన్నా. ఆఫీసులు, కాలేజీ ల్యాబులు, మీసేవా కేంద్రాలు కలిపి చూడండి. చెల్పూరులో 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ ప్లాంటు ఉందని ధీమాగా ఉంటాం. అక్కడ కాలేది మన భూపాలపల్లి గనుల బొగ్గు. మనిషి భూమిలోకి దిగి తీసిన బొగ్గు, ఎవరూ లేని గదిలో ఫ్యాన్ తిప్పడానికి కాలిపోతుంటే నాకు నిజంగా బాధేస్తుంది. చాలామంది స్క్రీన్ నల్లబడితే కంప్యూటర్ ఆగిందనుకుంటారు. సీపీయూ లైటు చూడరు.

వ్యాఖ్యాత: మధ్యాహ్నం భోజనానికి వెళ్తే?

లెక్చరర్: స్లీప్ చాలు. కానీ ముందు పని సేవ్ చేయాలి. యూపీఎస్ లేకుంటే కరెంటు పోగానే ర్యామ్‌లో, అంటే కరెంటు ఉన్నంతసేపే నిలిచే మెమరీలో, ఉన్నది పోతుంది.

గుమాస్తా: మా పక్క దుకాణంలో నేరుగా బోర్డు స్విచ్చే బంద్ చేస్తారు.

మెకానిక్: అన్నిటికంటే చెడ్డది అదే. డిస్కు మీద ఏదో రాస్తుండగా కరెంటు తీస్తే ఫైల్ దెబ్బతింటుంది, ఒక్కోసారి విండోసే లేవదు. ముందు షట్ డౌన్, ఆ తర్వాతే స్విచ్. రోజుల తరబడి ప్లగ్ తీసి ఉంచితే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ కూడా త్వరగా అయిపోతుంది. తేదీ వెనక్కి పోయి వెబ్‌సైట్లు తెరుచుకోవు. నెట్ పోయిందని జనం టెన్షన్ పడతారు, బ్యాటరీ మారిస్తే సరిపోతుంది. ఉరుములు, మెరుపులు ఉన్నప్పుడు మాత్రం షట్ డౌన్ చేసి ప్లగ్ పీకేయాల్సిందే. రాగి తీగతో వచ్చే నెట్ కేబుల్ కూడా తీయాలి. పిడుగు ఆ దారిన కూడా వస్తుంది.

వ్యాఖ్యాత: రోజూ షట్ డౌన్ చేస్తున్నా స్లోగానే ఉందనే వాళ్లున్నారు.

మెకానిక్: 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ వచ్చింది. షట్ డౌన్ నొక్కినా విండోస్ కొంత భాగాన్ని డిస్కులో దాచుకుని, మర్నాడు అక్కడి నుంచే లేస్తుంది. అందుకే పాత చిక్కు అలాగే ఉంటుంది. రీస్టార్ట్ కొడితే మొత్తం కొత్తగా మొదలవుతుంది. వారానికోసారి కొట్టండి.

గుమాస్తా: అలాగే. కానీ పొద్దున ఆలస్యం తగ్గాలి కదా!

మెకానిక్: ఎస్‌ఎస్‌డీ వేయించండి. మీరు టీ తాగేలోపు బిల్లింగ్ తెరుచుకుంటుంది.

గుమాస్తా: పాత లెక్కలు పోవు కదా?

మెకానిక్: పోవు. ఉన్నది ఉన్నట్టు కొత్తదానిలోకి కాపీ చేస్తాను. ముందు మీరొక బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో తీసి పెట్టుకుని, యార్డుకు సెలవున్న రోజు తీసుకురండి.