0-0 అని చూసి వదిలేయకండి! ఇంగ్లాండ్ ఛాంపియన్‌షిప్ 2024-25 రివ్యూ

అందరికీ నమస్కారం. ముందే ఒక విషయం చెప్పేస్తాను, తర్వాత దాచాడని అనకూడదు. ఒక స్ట్రీమింగ్ యాప్ వాళ్ళు నాకు మూడు నెలల సబ్‌స్క్రిప్షన్ ఊరికే ఇచ్చారు. "మా దగ్గర పాత సీజన్లన్నీ ఉన్నాయి, ఏదో ఒకటి చూసి మీ ఇష్టం వచ్చినట్టు మాట్లాడండి" అన్నారు. ఇష్టం వచ్చినట్టు అన్నారు కాబట్టి అలాగే మాట్లాడతాను. పేరు చెప్పను. ఎందుకు చెప్పనో ఇంకాసేపట్లో మీకే అర్థమవుతుంది.

నేను తీసుకున్నది ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ రెండో డివిజన్, ఛాంపియన్‌షిప్, 2024-25 సీజన్. అప్పట్లో డబ్బులు కట్టి, నిద్ర కాచుకుని లైవ్‌లో చూసిన సీజనే. ఇప్పుడు ఊరికే వచ్చింది కదా అని మళ్ళీ మొదలుపెట్టాను. స్పెసిఫికేషన్లు మీకు తెలిసినవే: 24 టీమ్‌లు, ఒక్కోదానికి 46 మ్యాచ్‌లు, మొదటి రెండు నేరుగా పై డివిజన్ ప్రీమియర్ లీగ్‌కి, మూడు నుంచి ఆరు దాకా మిగిలిన ఒక్క చోటు కోసం ప్లేఆఫ్‌కి, అడుగున ఉన్న మూడూ కిందికి. లీడ్స్ 100 పాయింట్లతో ఛాంపియన్. బర్న్‌లీకి కూడా సరిగ్గా 100 పాయింట్లే, కానీ గోల్స్ తేడాలో వెనకపడి రెండో స్థానం. సండర్‌లాండ్ ప్లేఆఫ్ గెలిచి పైకి వెళ్ళింది. ఇదంతా టేబుల్ తెరిస్తే ఎవరికైనా కనిపిస్తుంది.

కనిపించనిది ఒకటుంది. దానికోసమే ఈ వీడియో.

కాలేజీలో నేను గోల్‌కీపర్‌ని. ఏదో టాలెంట్ చూసి పెట్టారనుకోకండి. పరిగెత్తలేనివాణ్ణి గోల్‌లో నిలబెట్టడం అన్ని కాలేజీల్లోనూ ఉన్న సంప్రదాయమే. మూడేళ్ళు నిలబడ్డాను. అప్పటి నుంచి ఎవరి మ్యాచ్ చూసినా నా కళ్ళు బంతి మీద ఉండవు, ఆ చివర గ్లవ్స్ వేసుకుని ఒంటరిగా నిలబడ్డవాడి మీదే ఉంటాయి. కాబట్టి ఇది న్యాయమైన రివ్యూ కాదు, గోల్‌కీపర్ల పక్షపాతి చేస్తున్న రివ్యూ. అలా చూస్తే మాత్రం ఈ సీజన్‌కి సాటి వచ్చేది నేను ఇంకోటి చూడలేదు.

బర్న్‌లీ దగ్గర మొదలుపెడదాం. 46 మ్యాచ్‌లలో వాళ్ళు ఇచ్చిన గోల్స్ ఎన్నో తెలుసా? 16. పదహారు! మ్యాచ్‌కి ఒకటి కాదు, దాదాపు మూడు మ్యాచ్‌లకి ఒకటి! 30 మ్యాచ్‌లలో అవతలి టీమ్‌కి ఒక్క గోల్ కూడా లేదు. ఇదే క్లబ్ అంతకుముందు ఏడాది ప్రీమియర్ లీగ్‌లో 38 మ్యాచ్‌లు ఆడి 78 గోల్స్ తిని కిందికి వచ్చింది. అప్పుడు గోల్‌లో ఎక్కువ మ్యాచ్‌లు నిలబడ్డ కుర్రాడు జేమ్స్ ట్రాఫర్డ్. వారం వారం రెండేసి, మూడేసి గోల్స్ తిని, చివరికి టీమ్‌లో చోటు కూడా పోగొట్టుకున్నాడు. ఆ కుర్రాడే ఇక్కడ గోడ కట్టేశాడు. ముందర డిఫెండర్లు ఎస్తేవ్, ఈగన్ రైలీ ఇద్దరూ ఉన్నారు, వాళ్ళనీ మెచ్చుకోవాలి. కానీ నేనేమో ట్రాఫర్డ్ ముఖమే చూస్తూ కూర్చున్నాను.

అసలు బర్న్‌లీ అంటే నాకు ముందు నుంచీ ఇలా కాదు. 2022-23లో విన్సెంట్ కొంపనీ మేనేజర్‌గా ఉన్నప్పుడు వాళ్ళు ఇదే లీగ్‌ని 101 పాయింట్లతో గెలిచారు. ఆ ఎడిషన్ వేరు! చిన్న చిన్న పాస్‌లు, ఎదురుదాడులు, 87 గోల్స్. చూస్తుంటే పండగలా ఉండేది. దాన్ని మనసులో పెట్టుకుని ఈ కొత్త మేనేజర్ స్కాట్ పార్కర్ ఎడిషన్ మొదలుపెట్టాను. మొదటి రెండు మూడు నెలలు ఒకటే విసుగు. 0-0, ఇంకో 0-0, మళ్ళీ 1-0. సీజన్ మొత్తం మీద 16 డ్రాలు. లైవ్‌లో చూసినప్పుడు నవంబర్‌లో ఒకసారి వీళ్ళ మ్యాచ్ పెట్టుకుని హాయిగా నిద్రపోయాను కూడా. ఒట్టు.

నా అభిప్రాయం మారింది జనవరి 17న. బర్న్‌లీ సొంత గ్రౌండ్ టర్ఫ్ మూర్‌లో బర్న్‌లీ, సండర్‌లాండ్. మనకి అర్ధరాత్రి దాటిపోయింది. మ్యాచ్ యథావిధిగా 0-0. రజాయి కప్పుకుని ఇంకో రెండు నిమిషాల్లో ఆపేద్దాం అనుకుంటుండగా సండర్‌లాండ్‌కి పెనాల్టీ. కొట్టేది విల్సన్ ఇసిడోర్. ట్రాఫర్డ్ ఆపేశాడు! సరే, అయిపోయిందనుకున్నాం. ఆ కాసేపటికే, ఇంజరీ టైమ్‌లో, ఇంకో పెనాల్టీ. మళ్ళీ ఇసిడోరే వచ్చాడు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఇద్దరికీ ఒకరి గురించి ఒకరికి ఇప్పుడే తెలిసింది. "ఇందాకటి వైపే కొడతాడా, మారుస్తాడా?" అని వీడు. "వీడు నేను మారుస్తాననుకుంటాడా, మార్చననుకుంటాడా?" అని వాడు. నాకు కాలేజీ రోజుల్లో ఈ లెక్క తేలక ఎప్పుడూ మధ్యలోనే కొయ్యలా నిలబడిపోయేవాణ్ణి. ట్రాఫర్డ్ అదీ ఆపేశాడు. రెండో పెనాల్టీ కూడా! ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు, అరవడానికి లేదు. దిండు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

ఇప్పుడు యాప్ సంగతికి వస్తాను. సీజన్ మళ్ళీ చూద్దామని తెరిస్తే, ప్రతి మ్యాచ్ బొమ్మ మీద పెద్ద పెద్ద అక్షరాలతో స్కోర్ రాసి పెట్టారు. "బర్న్‌లీ 0, సండర్‌లాండ్ 0." అయ్యా! ఆ స్కోర్ చూసి ఎవరు నొక్కుతారు? నేను చూసిన అతి గొప్ప ఐదు నిమిషాలు ఆ రెండు సున్నాల వెనకాల ఉన్నాయి. సస్పెన్స్ సినిమా పోస్టర్ మీదే హంతకుడి ఫొటో వేసినట్టుంది వ్యవహారం. స్కోర్ దాచే బటన్ ఉంటుందేమోనని సెట్టింగ్స్ అంతా గాలించాను. లేదు. ఫాంట్ రంగు మార్చుకోవచ్చట! ఉచితంగా ఇచ్చారు కదా అని ఊరుకోవాలా? ఊరుకోను. మూడు నెలలూ నన్ను చికాకు పెట్టింది ఇదే.

సరే, లీడ్స్. వాళ్ళ గురించి అందరూ గంటలు గంటలు చెప్పారు కాబట్టి నేను తొందరగా కానిస్తాను. 95 గోల్స్. ఏప్రిల్ 21న స్టోక్ మీద 6-0, అందులో నాలుగు హాఫ్‌టైమ్ కాకుండానే యోయెల్ పిరో ఒక్కడివే. ఆ రోజే లీడ్స్, బర్న్‌లీ రెండింటికీ ప్రమోషన్ ఖాయమైంది. దాడి కావాలంటే లీడ్స్ చూడండి, తిరుగులేదు. కానీ నేను చూసింది వాళ్ళ గోల్‌కీపర్ ఇలాన్ మెలియేని.

అక్టోబర్‌లో సండర్‌లాండ్ గ్రౌండ్‌లో లీడ్స్ 2-1తో ముందుంది. ఇంజరీ టైమ్ కూడా అయిపోవస్తోంది. దూరం నుంచి మామూలు బంతి ఒకటి వచ్చింది. చిన్నపిల్లాడు కూడా పట్టేస్తాడు. అది ముందర నేల మీద పడి, ఎటో లేచి, మెలియేని దాటుకుని వలలోకి. 2-2. ఆ రీప్లే నేను ఒక్కసారే చూశాను, రెండోసారి చూడలేకపోయాను. ఎందుకంటే సరిగ్గా అలాంటి బంతే మా ఇంటర్ కాలేజ్ మ్యాచ్‌లో నా కాళ్ళ మధ్య నుంచి పోయింది. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో కలిస్తే మావాళ్ళు ముందు దాని గురించే అడుగుతారు, తర్వాతే బాగున్నావా అంటారు. మార్చి చివర్లో స్వాన్సీ మీద ఇంకో పొరపాటు, మళ్ళీ 2-2. అంతే, మేనేజర్ డానియెల్ ఫార్కె అతన్ని పక్కనపెట్టి కార్ల్ డార్లోని దింపాడు. టైటిల్ పోటీ పీకల మీదున్నప్పుడు గోల్‌కీపర్‌ని మార్చడమంటే చిన్న విషయం కాదు. కలిసొచ్చింది. కానీ చివరికి కప్పు ఎత్తుతుంటే నేను గుంపులో మెలియే ఎక్కడున్నాడా అనే వెతికాను.

మే 3, ఆఖరి రోజు. రెండు టీమ్‌లకీ చెరి 97. బర్న్‌లీ తన పని తాను చేసింది, మిల్‌వాల్ మీద 3-1. లీడ్స్ ప్లిమత్ గ్రౌండ్‌లో 1-1 దగ్గర ఆగిపోయింది. 90 నిమిషాలు దాటాక మనోర్ సోలమన్ కొట్టాడు, 2-1, టైటిల్ చేతులు మారింది. ఏడాదంతా రెండంటే రెండు మ్యాచ్‌లు ఓడి, 100 పాయింట్లు తెచ్చుకుని, రెండో స్థానం! పాపం బర్న్‌లీ. గోల్స్ ఆపినదానికి ఇచ్చే విలువ ఇంతేనా అని ఆ రాత్రి నాకు నిజంగా కోపం వచ్చింది.

ప్లిమత్ పేరు వచ్చింది కాబట్టి చిన్న పక్కదారి. ఈ సీజన్‌లో నాకు ఇష్టమైన క్లబ్ వీళ్ళే. చివరి నుంచి రెండోది, 23వ స్థానం. తిన్న గోల్స్ 88. మేనేజర్ వేన్ రూనీ డిసెంబర్ 31న వెళ్ళిపోయాడు. అలాంటి టీమ్ ఫిబ్రవరిలో, అన్ని డివిజన్ల క్లబ్‌లూ ఆడే నాకౌట్ టోర్నీ ఎఫ్‌ఏ కప్‌లో లివర్‌పూల్‌ని 1-0తో ఓడించింది, ఆ ఏడాది ప్రీమియర్ లీగ్ గెలిచిన లివర్‌పూల్‌ని! ఇంకో ముచ్చట చెబుతాను. సీజన్ మొదట్లో ప్లిమత్ తన మంచి గోల్‌కీపర్ మైకెల్ కూపర్‌ని షెఫీల్డ్ యునైటెడ్‌కి అమ్ముకుంది. ఈ 88లో దాదాపు అన్నీ ఆ తర్వాత తిన్నవే. ఇల్లు అమ్మేటప్పుడు తలుపులు అమ్మినా ఫర్వాలేదు, గోడలు అమ్మకూడదు కదా.

ఇక ప్లేఆఫ్. చాలామంది ఈ లీగ్ చూసేదే దీనికోసం. నాకేమో ఎప్పుడూ మింగుడుపడదు. షెఫీల్డ్ యునైటెడ్ మూడో స్థానం, 90 పాయింట్లు, అదీ సీజన్ మొదలవకముందే రెండు పాయింట్లు కోసేసిన తర్వాత. సండర్‌లాండ్ నాలుగో స్థానం, 76. పైగా లీగ్‌లో ఆఖరి ఐదు మ్యాచ్‌లూ వరుసగా ఓడిపోయి వచ్చారు. 14 పాయింట్ల తేడా! ఆ తేడాని చెత్తబుట్టలో వేసి "రండి, మళ్ళీ మొదటి నుంచి" అంటారు. ఎంత అన్యాయం?

ఇలా అనుకుంటూనే సెమీఫైనల్ రెండో లెగ్ పెట్టాను. సండర్‌లాండ్, కోవెంట్రీ. మొదటి మ్యాచ్ సండర్‌లాండ్ 2-1తో గెలిచింది, ఇందులో కోవెంట్రీ ఒకటి కొట్టి సమం చేసింది. ఎక్స్‌ట్రా టైమ్. మనకి తెల్లవారుజామున మూడు. పెనాల్టీలు ఖాయం, నా గోల్‌కీపర్లకి పండగే అని లేచి సర్దుకుని కూర్చున్నాను. లైవ్‌లో నా స్ట్రీమ్ అరనిమిషం వెనక నడుస్తోంది, అది అప్పటి వేరే యాప్. ఫోన్‌లో మా వాడి మెసేజ్ వచ్చింది: "బాలర్డ్!!!!" నా స్క్రీన్ మీద ఇంకా కార్నర్ కొట్టడానికి ఎంజో లె ఫే బంతి పెడుతున్నాడు. 122వ నిమిషం. డాన్ బాలర్డ్ తల పెట్టాడు, గోల్. ఏం జరుగుతుందో ముందే తెలిసి కూడా మంచం మీద నుంచి ఎగిరి దూకానంటే చూడండి. న్యాయం, అన్యాయం అన్నీ మర్చిపోయాను.

ఫైనల్, మే 24, వెంబ్లీ. ఇక్కడ ఇంకో చిరాకు. 46 రౌండ్లు, రెండేసి సెమీఫైనల్స్, ఎక్కడా వీఏఆర్ (వీడియో చూసి నిర్ణయాలు సరిచూసే రిఫరీ) లేదు. ఒక్క ఫైనల్‌లో మాత్రం పెట్టారు! ఏడాదంతా ఒక రూల్ మీద పరీక్ష రాయించి, ఆఖరి పేపర్‌కి ప్రశ్నపత్రం మార్చినట్టు. షెఫీల్డ్ 1-0 ముందుంది. హాఫ్‌టైమ్‌కి ముందు షెఫీల్డ్ ఆటగాడు హారిసన్ బరోస్ బయటి నుంచి కొట్టిన బంతి వలలో పడింది. 2-0 అయితే మ్యాచ్ అక్కడితో ముగిసినట్టే. వీఏఆర్ పిలిచింది, గోల్ రద్దు. కారణం: వినీసియస్ సోజా ఆఫ్‌సైడ్‌లో ఉండి గోల్‌కీపర్ పాటర్సన్ చూపుకి అడ్డం నిలబడ్డాడు.

మామూలుగా అయితే వీఏఆర్‌ని ఇప్పుడు పది నిమిషాలు తిట్టేవాణ్ణి. కానీ గోల్‌కీపర్ చూపుకి అడ్డం వచ్చాడంటే నేనేమంటాను? బంతి కనబడకుండా మనుషుల కాళ్ళ మధ్య వెతుక్కోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అది గోల్ కాదు. షెఫీల్డ్ మీద ఎంత జాలి ఉన్నా కాదు. తర్వాత సండర్‌లాండ్ ఆటగాడు మాయెండా సమం చేశాడు, 95వ నిమిషంలో టామీ వాట్సన్ గెలిపించాడు. సండర్‌లాండ్ క్లబ్‌లోనే పెరిగిన కుర్రాడు, అప్పటికే బ్రైటన్‌కి వెళ్ళడానికి ఒప్పందం అయిపోయింది. ఆ చొక్కాలో అదే అతని ఆఖరి మ్యాచ్. అవతల గోల్‌లో చెయ్యి చాచి పడి ఉన్నది ప్లిమత్ అమ్మేసిన మైకెల్ కూపర్.

రేటింగ్ అడుగుతారు కాబట్టి ఇస్తున్నా: సీజన్‌కి ఐదుకి నాలుగున్నర. ఆ అర ఎక్కడ పోయిందంటే, జనవరి 27న బర్న్‌లీ, లీడ్స్ ఆడిన 0-0లో పోయింది. దాన్ని మాత్రం నేను కూడా కాపాడలేను, నిద్రమాత్ర. యాప్‌కి రెండు. మళ్ళీ సబ్‌స్క్రిప్షన్ ఇస్తారని నేను అనుకోవడం లేదు. మీ దగ్గర ఆ యాప్ ఉంటే ముందు జనవరి 17 మ్యాచ్ వెతకండి, స్క్రీన్ మీద ఆ రెండు సున్నాలకి చెయ్యి అడ్డం పెట్టుకుని ప్లే నొక్కండి.