రెండో వారం ప్రేక్షకురాలు: 2024 సినిమాల మీద నా మాట (2024 డిసెంబర్ చివర్లో చెప్పింది)

అందరికీ నమస్కారం.

ఇందాక నన్ను పరిచయం చేస్తూ ‘సినీ విశ్లేషకురాలు’ అన్నారు. ఆ మాట మా ఇంట్లో ఎవరైనా వింటే పడీపడీ నవ్వుతారు. నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఉండేది చిక్కడపల్లిలో. ఇంట్లోంచి బయటికొస్తే ఒకవైపు నగర కేంద్ర గ్రంథాలయం, ఇంకోవైపు ఆర్టీసీ క్రాస్ రోడ్స్. ఇటు గ్రూప్స్‌కి చదువుకునే పిల్లలు, అటు కటౌట్లకి పాలాభిషేకాలు. ఈ రెండిటి మధ్య ఏళ్ల తరబడి కాపురం చేస్తున్నదానికి సినిమాల మీద ఏదో ఒక అభిప్రాయం లేకుండా ఎలా ఉంటుంది?

కెమెరా గురించీ స్క్రీన్‌ప్లే గురించీ నేనేమీ మాట్లాడను, నాకు తెలియదు. డబ్బులిచ్చి టికెట్ కొనుక్కుని, వెనక సీటువాడు కాళ్లతో తన్నుతుంటే ఓర్చుకుని సినిమా చూసే మనిషిగా 2024 నాకెలా గడిచిందో చెప్తాను. ముందుగా ఒక్కటి. నేను రెండో వారం ప్రేక్షకురాలిని. మొదటి రోజు మొదటి ఆట మాకొద్దు. డైలాగులు వినపడవు, కాగితాలు మీద పడతాయి, రేటు మండుతుంది. హడావుడి తగ్గాక, పక్కింటావిడ చూసొచ్చి ‘పరవాలేదు, వెళ్లొచ్చు’ అన్నాక బయల్దేరే రకం. మాలాంటివాళ్లు తక్కువేమీ కాదు. కానీ ఈ ఏడాది మొత్తం మీద నాకు పదేపదే అనిపించిందేమిటంటే, సినిమావాళ్ల లెక్కల్లో మేం లేము.

సంక్రాంతి నుంచి మొదలుపెడదాం. మా పుట్టిల్లు తెనాలి, పండక్కి అక్కడికే వెళ్తాం. ఈసారి మూడు రోజుల్లో నాలుగు సినిమాలు దిగాయి: 12న గుంటూరు కారం, హనుమాన్, 13న సైంధవ్, 14న నా సామిరంగ. రవితేజ ఈగల్ కూడా రావాల్సింది, పెద్దలంతా కూర్చుని మాట్లాడి ఫిబ్రవరి 9కి జరిపారు. హైదరాబాద్‌లో హనుమాన్‌కి మొదట దొరికిన థియేటర్లు మరీ తక్కువ. పెద్ద హీరో లేడు, పెద్ద పేరున్న డైరెక్టరూ కాదు. అయినా రోజులు గడిచేకొద్దీ ఆ సినిమాకే హాళ్లు పెరిగాయి. పెంచింది ఎవరు? పిల్లల్ని వెంటబెట్టుకుని పండగ అయ్యాక వెళ్లినవాళ్లే. అంజనాద్రి కొండా, ఆ విగ్రహమూ చూస్తూ మా అన్నయ్యగారి చిన్నవాడు కుర్చీ అంచు మీదికి జరిగి కూర్చున్నాడు. నాకు కథ మధ్యలో కాస్త సాగినట్టే అనిపించింది. కానీ వాడి మొహం చూశాక నా మార్కులు నేనే దిద్దుకున్నాను.

గుంటూరు కారం జనవరి 12న థియేటర్లోకి వస్తే ఫిబ్రవరి 9కి ఓటీటీలో ఉంది. నాలుగంటే నాలుగు వారాలు. మొదటి వారం రేట్లు ఎక్కువని ఆగి, రెండో వారం స్కూల్లో పరీక్షలని ఆగితే, మూడో వారానికి ఇంట్లోవాళ్లు ‘ఇంకెంత, పది రోజులాగితే టీవీలోనే వస్తుందిగా’ అంటారు. అంటారేమిటి, అన్నారు. సినిమాకెళ్దామన్న ఆశ ఇంట్లో చచ్చిపోయేది ఇలాగే.

మార్చిలో ప్రేమలు తెలుగులో వచ్చింది. మలయాళం పిల్లలు చదువులకీ ఉద్యోగాలకీ హైదరాబాద్ వచ్చి, ఇక్కడి గదుల్లో ఉంటూ, ఇక్కడి ట్రాఫిక్‌లో పడి ప్రేమించుకునే కథ. మన ఊరు మనకి ఇంత ముద్దుగా కనిపించి ఎన్నాళ్లయిందో! మన సినిమాల్లో హైదరాబాద్ అంటే గచ్చిబౌలి అద్దాల మేడలు, లేకపోతే పాతబస్తీలో రౌడీలు. మధ్యలో బతికే లక్షలమంది ఎవరికీ కనపడరు. వాళ్లని చూపించడానికి కేరళ నుంచి రావాల్సి వచ్చింది. నాకు కొంచెం రోషం కూడా వచ్చింది, దాచుకోను. తర్వాత నెలలో మంజుమ్మెల్ బాయ్స్ చూశాం. కొడైకెనాల్ గుహలో పడిపోయిన స్నేహితుణ్ణి మిగతావాళ్లు పైకి తెచ్చే నిజమైన కథ. ఫ్లాష్‌బ్యాక్‌లో పగ లేదు, ఐటమ్ సాంగ్ లేదు. హాలు హాలంతా ఊపిరి బిగబట్టింది.

ఆ తర్వాత మే నెల. టీచర్లకి సినిమా చూసే తీరిక దొరికేదే మేలో. ఎండాకాలం సెలవులు, ఏసీ హాలు, ఇంతకంటే ఏం కావాలి? సరిగ్గా అప్పుడే తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు 17 నుంచి పది రోజులు మూసేస్తున్నామన్నారు! పెద్ద సినిమా ఒక్కటీ లేదు. మే 9న రావాల్సిన కల్కి ఎన్నికల వల్ల వెనక్కి పోయింది. మిగిలిన జనాన్ని ఐపీఎల్ పట్టేసుకుంది, అందులోనూ మన సన్‌రైజర్స్ ఉతికి ఆరేస్తున్న ఏడాది. ఆటకి ఇరవై, ముప్పై మంది వస్తే కరెంటు బిల్లుకీ చాలదని థియేటర్లవాళ్ల బాధ. వాళ్ల బాధ నిజమే. కానీ పెద్ద సినిమా పడితేనే బతికేలా హాళ్లని తయారుచేసింది ఎవరు? మా చిన్నప్పుడు వేసవిలో ఏ సినిమా అయినా ఆడేది. ఏది ఉంటే అది చూసేవాళ్లం. ‘ఊరికే’ సినిమాకి వెళ్లే అలవాటు పోయిందంటే ఆ తప్పు జనానిదొక్కటే కాదు.

జూన్ 27న కల్కి వచ్చింది. సింగిల్ స్క్రీన్లలో 70 రూపాయలు, మల్టీప్లెక్సుల్లో 100 పెంచుకోవచ్చని ఇక్కడ ప్రభుత్వం ఎనిమిది రోజులకి అనుమతిచ్చింది. తొమ్మిదో రోజు దాటాక మేం వెళ్లాం, మా అత్తగారితో సహా. మొదటి సగం నాకు ఓపిక పరీక్షే. బొమ్మలు బ్రహ్మాండంగా ఉన్నాయి, మనుషులు మాత్రం ఎక్కడో దూరంగా ఉన్నారు. అమితాబ్ అశ్వత్థామగా లేచి నిలబడ్డాక సినిమా కూడా లేచి నిలబడింది. ఇంటర్వెల్‌లో మా అత్తగారు పక్క వరసలో పిల్లలకి ఉపపాండవుల్ని చంపడం, బ్రహ్మాస్త్రం, ఉత్తర గర్భం, కృష్ణుడి శాపం అన్నీ పూస గుచ్చినట్టు చెప్పేసింది. ఆ పిల్లలు రెండో సగాన్ని మాకంటే బాగా అర్థం చేసుకుని ఉంటారు. మూడు గంటలయ్యాక మిగతా కథ వచ్చే భాగంలో అని పంపించేస్తే ఆవిడ ‘ఇదేం బుర్రకథా, రేపు మళ్లీ రమ్మనడానికి?’ అంది.

ఆ ప్రశ్న దేవరకీ సరిపోతుంది, పుష్ప 2కీ సరిపోతుంది. దేవర మొదటి భాగమని ముందే చెప్పారు, సరే. పుష్ప రెండో భాగం చివర్లో కూడా మూడోదానికి తలుపు తెరిచిపెట్టారు. ఒక టికెట్‌కి ఒక కథ పూర్తిగా చెప్పడం ఇంత కష్టమైపోయిందా? దేవర గురించి ఇంతకంటే చెప్పడానికి నా దగ్గరేం లేదు. ఎన్టీఆర్ బాగా చేశాడు, సముద్రం బాగుంది.

ఆగస్టు 15 మాత్రం భలే అయింది. మిస్టర్ బచ్చన్, డబుల్ ఇస్మార్ట్ అని రెండు పెద్దవి. వాటి చాటున ఆయ్ అని గోదావరి జిల్లా కుర్రాళ్ల సినిమా ఒకటి. పెద్దవి రెండూ వారం తిరక్కుండానే చతికిలపడ్డాయి, ఆయ్ నిలబడింది. దానికి వారం ముందొచ్చిన కమిటీ కుర్రోళ్ళు కూడా అంతే. జాతర, ఊరు, స్నేహితులు, వాళ్ల మధ్య రిజర్వేషన్ గొడవ. దాదాపు అందరూ కొత్త మొహాలే. నా క్లాసులో పిల్లలు ఇలాగే మాట్లాడుకుంటారు, ఇలాగే కొట్టుకుంటారు. అదే నెలలో మురారి మళ్లీ వేశారు. 2001 సినిమా. పెళ్లి పాట రాగానే హాల్లో అక్షింతలు చల్లుకున్నారు. కొత్త సినిమాలకి రాని ఇంటిల్లిపాదీ పాతదానికి వస్తున్నారంటే, ఇప్పటి సినిమాల్లో ఏం కరువైందో ఎవరైనా ఆలోచించాలి.

ఇప్పుడు నా సొంత సినిమా. సెప్టెంబర్ 6న, వినాయక చవితి ముందురోజు, ‘35 చిన్న కథ కాదు’ వచ్చింది. తిరుపతిలో ఒక పిల్లాడు. లెక్కల మాస్టారిని అడుగుతాడు: సున్నాకి విలువ లేదన్నారు కదా, మరి ఒకటి పక్కన సున్నా పెడితే తొమ్మిది కంటే ఎలా పెద్దదయింది? జవాబు రాదు. మాస్టారికి వాడు ‘జీరో’ అయిపోతాడు. పదో తరగతి తప్పిన తల్లి, కొడుకు కోసం మళ్లీ లెక్కలు నేర్చుకోవడం మొదలుపెడుతుంది.

ఆ ప్రశ్న సినిమాలో పుట్టింది కాదండీ, ప్రతి ఏడూ ఏదో ఒక పిల్లాడు అడుగుతాడు. సున్నా ఏమీ లేకపోవడమే, కానీ ఒకట్ల స్థానంలో అది కూర్చుంటేనే పక్కనున్న ఒకటి పదుల స్థానానికి జరుగుతుంది. చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. కానీ సిలబస్ అవ్వాలి, యూనిట్ టెస్ట్ ఉంది, ‘కూర్చోరా’ అనేస్తారు మాస్టార్లు. ప్రియదర్శి వేసిన ఆ మాస్టారు నాకు స్టాఫ్ రూమ్‌లో రోజూ కనిపిస్తాడు. నివేదా థామస్ స్లేటు పట్టుకుని కూర్చున్న సీన్లలో పక్కన మా అమ్మాయి నా వైపు చూడటం మొదలుపెట్టింది. సినిమాలో లోపాలు లేవా? ఉన్నాయి. చివర్లో కన్నీళ్లు కాస్త ఎక్కువే పోశారు. అయినా ఈ ఏడాది ఫస్టు మార్కు దీనికే.

ఇక్కడే మాలాంటివాళ్లకి ఒక చిక్కుంది. చిన్న సినిమాకి రెండో వారం దాకా ఆగామా, ఇక అంతే. ఉదయం పదిన్నర ఆట ఒక్కటే మిగులుతుంది, ఉద్యోగం చేసేవాళ్లెవరు వెళ్తారు ఆ ఆటకి? అందుకని మా ఇంట్లో ఇప్పుడొక పద్ధతి పెట్టుకున్నాం. చిన్న సినిమా అయితే మొదటి వారమే, పెద్దదయితే రేటు దిగాకే.

దీపావళికి లక్కీ భాస్కర్, క, అమరన్ ఒకేరోజు వచ్చాయి, మూడూ ఆడాయి. ఊళ్లో మధ్యాహ్నం మూడింటికే చీకటి పడటం, పోస్టుమ్యాన్ ఉత్తరాలు విప్పి చదవడం, ఇంత చిత్రమైన ఊహతో ‘క’ తీసిన కొత్త దర్శకుల్ని మెచ్చుకోవాలి. లక్కీ భాస్కర్ సంగతి వేరు. బొంబాయిలో బ్యాంకు క్యాషియర్, అప్పులు, 1992 నాటి షేర్ల కుంభకోణం. డబ్బు ఎక్కడ బయల్దేరి ఎక్కడ తేలిందో నాలాంటిదానికి కూడా అర్థమయ్యేలా చెప్పారు. లెక్కల టీచర్‌గా అక్కడ నూటికి నూరు. కానీ మోసం చేసినవాడు దర్జాగా కుటుంబంతో విమానమెక్కితే హాలంతా చప్పట్లు. నా చుట్టూ కాలేజీ పిల్లలే. పుష్పలో ఎర్రచందనం దొంగకీ అవే చప్పట్లు. నీతి పాఠాలు చెప్పమనడం లేదు నేను. పట్టుబడకపోవడమే తెలివి అనే కథ ఏడాదంతా మార్చి మార్చి చెప్తుంటే నాకు మాత్రం ఇబ్బందిగానే ఉంది. మీరు కాదనొచ్చు.

ఇక డిసెంబర్. పుష్ప 2 లెక్క ఒకసారి వినండి. 4వ తేదీ రాత్రి ప్రీమియర్‌కి టికెట్ మీద అదనంగా 800 రూపాయలు. మామూలుగా సింగిల్ స్క్రీన్‌లో 175 దాకా ఉండే టికెట్ జీఎస్టీతో కలిపి వెయ్యి దాటిపోయింది. 5 నుంచి 8 దాకా సింగిల్ స్క్రీన్‌లో 150 ఎక్కువ, 9 నుంచి 16 దాకా 105, 17 నుంచి 23 దాకా 20. అంటే రెండో వారానికి ఆగినవాళ్లనీ వదల్లేదన్నమాట. నలుగురున్న ఇంటికి రెండో వారంలోనే అదనంగా 420 రూపాయలు. సమోసాలు, పార్కింగు వేరే. నిర్మాతలు ఖర్చు పెరిగిందంటారు. నిజమే కావచ్చు. మా కూరగాయల ఖర్చు కూడా పెరిగింది, దానికి మాకెవరూ జీవో ఇవ్వరు.

ఆ 4వ తేదీ రాత్రే మన క్రాస్ రోడ్స్‌లో, సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాట జరిగింది. ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు ఆసుపత్రి పాలయ్యాడు. దాని మీద రోజూ టీవీల్లో వాదించుకున్నారు, నేను కొత్తగా తీర్పు చెప్పను. కుటుంబంతో సినిమాకొచ్చిన మనిషి ఆమె. ఆ రాత్రి మా వీధిలో అంబులెన్సుల మోత విన్నాం, ఏమైందో తెల్లారాక తెలిసింది. ఇకమీదట బెనిఫిట్ షోలకీ రేట్ల పెంపుకీ అనుమతి ఇవ్వబోమని ముఖ్యమంత్రి శాసనసభలో చెప్పారు. డిసెంబర్ 26న సినిమా పెద్దలంతా వెళ్లి ఆయన్ని కలిశారు. ఆ మాట ఎన్నాళ్లు నిలుస్తుందో సంక్రాంతికే తేలిపోతుంది.

పుష్ప 2 మేం 23 దాటాకే చూశాం. మూడు గంటల ఇరవై నిమిషాలు. జాతర సీన్‌లో చీర కట్టుకుని అల్లు అర్జున్ చేసింది ఇంకొకరు చేయలేరు, అది ఒప్పుకోవాల్సిందే. మిగతాదాంట్లో గంట కత్తిరించినా కథకేం కాదు. హాలు సగం ఖాళీ, డైలాగులన్నీ వినపడ్డాయి, మా అత్తగారు మధ్యలో కాసేపు నిద్ర కూడా పోయింది. నా మట్టుకు నాకు సినిమా చూడటమంటే ఇదే.

2025 సంక్రాంతికి మళ్లీ మూడు పెద్దవి. 10న గేమ్ ఛేంజర్, 12న డాకు మహారాజ్, 14న సంక్రాంతికి వస్తున్నాం. మా తెనాలి ఇంట్లో ఏది చూడాలని ఇప్పటికే ఫోన్లలో గొడవ. నా ఓటు 14న వచ్చేదానికి. వెంకటేశ్ ఉంటే ముసలివాళ్లూ పిల్లలూ ఒకేచోట కూర్చుంటారు. అదీ కనుమ దాటాకే, రేటు చూసి. కాదు, మొదటి రోజే చూడాలి అనేవాళ్లు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారో చేతులెత్తండి. ఇంకా పది నిమిషాల టైముంది, ఆ వెనక వరస నుంచే మొదలుపెడదాం.